తొట్టిలో పదో చేప

సోమవారం పొద్దున్నే కామేశం సిద్ధాంతిగారు పూజ ముగించుకుని, కాఫీ గ్లాసుతో వీధిగదిలోకి వచ్చేసరికి కూతురు వర్షిణి మోచేతుల దాకా నీళ్ళలో ఉంది. రబ్బరు గొట్టం పెట్టి అద్దాల తొట్టి అడుగున పేరుకున్న మడ్డి లాగేస్తోంది. ఉల్లిపాయ కూడా గుమ్మం దాటి రాని ఇంట్లో చేపల కొట్టేమిటని మొదట్లో రాజమండ్రిలో ఆ వీధి వీధంతా నవ్వింది. ఇవి తినే చేపలు కావండీ, చూసుకునే చేపలని సిద్ధాంతిగారే అందరికీ సర్దిచెప్పారు. కూతురు చేపల చదువు చదివి వచ్చి, ఉద్యోగం వద్దు, అక్వేరియంల కొట్టు పెట్టుకుంటానంటే వీధిగది ఇచ్చిందీ ఆయనే. ఆ సంగతి రోజుకొకసారైనా గుర్తుచేయందే ఆయనకి కాఫీ దిగదు.

గురువారం జానకిరామ్ గారి గృహప్రవేశమనీ, కోరుకొండ రోడ్డులో కట్టిన ఆ కొత్తింటికి ఈశాన్యంలో తొట్టి పెట్టమన్నాననీ ఆయన చెప్పారు. మామూలే. రెండడుగుల తొట్టి, ఎనిమిది బంగారు చేపలు, ఒక నల్ల చేప.

"ఇవ్వను నాన్నగారూ," అంది వర్షిణి, గొట్టం మీద నుంచి చూపు తిప్పకుండానే.

సిద్ధాంతిగారి తొమ్మిది చేపల సలహా ఊళ్ళో పేరున్నదే. బంగారు చేపలు లక్ష్మిని తెస్తాయి, నల్లది ఇంటి దిష్టి తన మీదకి లాక్కుంటుంది. చేప చచ్చిపోయిందండీ అని ఎవరైనా ఫోన్ చేస్తే, "మంచిదే కదండీ, మీ గండం దానితో పోయింది, ఇంకోటి వేసెయ్యండి" అనేవారు. చేప బతికినా ఆయన మాటే నెగ్గేది, చచ్చినా ఆయన మాటే నెగ్గేది. ఇంత సదుపాయం ఏ డాక్టరుకీ లేదు.

వర్షిణి చేతులు తుడుచుకుని నెమ్మదిగానే చెప్పింది. బంగారు చేప ఒక్కొక్కటి జానెడు పెరుగుతుంది. తొమ్మిదింటిని రెండడుగుల తొట్టిలో కుక్కితే వాటి మలంతోనే నీళ్ళు విషమైపోతాయి. ఆ తొట్టికి గుంపుగా తిరిగే చిన్న చేపలు కావాలి. నియాన్ టెట్రాలు మన ఎండలకి ఆగవు. టైగర్ బార్బులు పక్కవాటి రెక్కలు కొరుకుతాయి. జీబ్రా చేపలైతే మొండివి, మన నీళ్ళకి అలవాటు పడతాయి. ఒకే జాతివి పది వేస్తే ఒకదాన్ని చూసి ఒకటి ధైర్యంగా తిరుగుతాయి.

"మరి నల్లది?"

"నల్లది లేదు. ఒక్కదాన్ని విడిగా పెట్టి, అందరి దిష్టీ నువ్వే లాక్కో అంటే ఏ ప్రాణి బతుకుతుంది నాన్నగారూ?"

సిద్ధాంతిగారికి ఒళ్ళు మండింది. నలభై ఏళ్ళుగా ఆయన మాట కాదన్నవాళ్ళు లేరు, ఉన్నా ఆయన ఇంట్లో లేరు. జానకిరామ్ వాళ్ళు పదింటికి వస్తారనీ, వాళ్ళ ముందు ఈ మాట మళ్ళీ వినిపిస్తే గురువారానికల్లా గది ఖాళీ చేసెయ్యమనీ చెప్పేశారు. లోపల ఉప్మా కలుపుతున్న ఆయన భార్య సీతారామలక్ష్మి గరిటె ఆగింది. వర్షిణి మాత్రం గొట్టం మళ్ళీ నీళ్ళలో పెట్టింది.

సరిగ్గా పదింటికి జానకిరామ్ తల్లి పాపాయమ్మని వెంటబెట్టుకుని వచ్చాడు. మెత్తని మనిషి, తల్లి పక్కన ఉంటే మరీ మెత్తన. మాటలన్నీ పాపాయమ్మవే. కిందటిసారి పాత ఇంట్లో పెట్టిన తొమ్మిది చేపలూ పదిరోజుల్లో తేలిపోయాయని ఆవిడే ఎత్తుకుంది.

"మీరు చెప్పినట్టే చేశామండి సిద్ధాంతిగారూ. మా కోడలి చెయ్యే అచ్చిరాలేదండి. ఆ పిల్లే కదండీ చేపల్ని నీళ్ళలో వదిలింది. ఒక్కటి పోతే గండం పోయిందనుకుంటాం, తొమ్మిదీ పోతే ఏమనుకోవాలండి? అందుకని ఈసారి చేపలు మా అమ్మాయి చేత వేయిస్తాం. పాలు కూడా దాని చేతే పొంగిస్తాం."

సిద్ధాంతిగారు తల పంకించబోయి ఆగిపోయారు. కొత్తింట్లో పాలు పొంగించేది ఆ ఇంటి ఇల్లాలు. ఆయన చేయించిన గృహప్రవేశాలన్నిటిలోనూ అదే వరస.

కోడలి మీద పడ్డ ఈ నింద సంగతి వర్షిణికి ముందే తెలుసు. వారం కిందట జానకిరామ్ భార్య ఉషారాణి ఒంటరిగా కొట్టుకి వచ్చింది. ఏమీ కొనలేదు. తొట్టెల ముందు చాలాసేపు నిలబడి, చేపల్ని నేనేం చేశానండీ, ముట్టుకోను కూడా లేదు కదా, మూట విప్పి వదిలానంతే కదా అని అడిగి, కొంగుతో మొహం తుడుచుకుని వెళ్ళిపోయింది. ఆ చేపలు పోయిన దగ్గర నుంచి, రెండేళ్ళుగా, ఆ ఇంట్లో దీపం పెట్టే పని కూడా ఆమెది కాదు. ఆ రోజు నుంచి వర్షిణికి అన్నం సయించలేదు. ఆ తొమ్మిది చేపల్నీ మూటగట్టి ఇచ్చింది తనే మరి.

"పాపాయమ్మగారూ, చెయ్యి మీ కోడలిది కాదు, నాది," అంది వర్షిణి. "ఆ తొట్టిలో తొమ్మిది బతకవని నాకు తెలుసు. తెలిసీ ఇచ్చాను. మా నాన్నగారి మాట కాదనలేక ఇచ్చాను. ఈసారి ఇవ్వను."

"అయితే సిద్ధాంతిగారు చెప్పింది తప్పంటారా అమ్మాయిగారూ?"

"తప్పే."

అందరూ కామేశం గారి వైపు చూశారు. ఆయన ముఖం ఎర్రబడింది. "నువ్వు లోపలికి నడు," అన్నారు కూతురితో. వర్షిణి కదల్లేదు. ఇక చేసేది లేక పాపాయమ్మే లేచింది. చేపలు బజార్లో ఎక్కడైనా దొరుకుతాయిలెండి, మీరు మాత్రం వేళకి రండి అని చెప్పి కొడుకుని తీసుకుని వెళ్ళిపోయింది.

మధ్యాహ్నానికల్లా వర్షిణి ఖాళీ తొట్లు ఒక్కొక్కటే అరుగు మీదకి మోసుకురావడం మొదలుపెట్టింది. ఏడవలేదు, బతిమాలలేదు. అలా చేసుంటే సిద్ధాంతిగారికి కాస్త సులువుగా ఉండేది. గది తలుపు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నారాయన. ఎదురుగా మిగిలిన తొట్టిలో నీలం చారల జీబ్రా చేపలు అటూ ఇటూ తిరుగుతున్నాయి. పంచాంగం లెక్కలు నోటితో చేసే మనిషి, వాటిని లెక్కపెట్టలేకపోయారు. ఒకసారి తొమ్మిది వచ్చాయి, ఒకసారి పది. ఒకటి వెనకబడితే మిగతావి ఏదో పిలుపు వచ్చినట్టు దాని వైపే మళ్ళుతున్నాయి, మళ్ళీ లెక్క తప్పుతోంది.

మజ్జిగ గ్లాసు ఇవ్వడానికి వచ్చిన సీతారామలక్ష్మి వెంటనే వెళ్ళిపోలేదు. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆయన మాటకి ఎదురు చెప్పిన మనిషి కాదు.

"ఏమండీ, మీ మాట నెగ్గడం కోసం పరాయింటి పిల్ల తన ఇంట్లో తను పాలు పొంగించుకోకూడదా?" అంది. "ఆ అరుగు మీద తొట్లు లోపలికి వచ్చేదాకా నేనూ అక్కడే కూర్చుంటాను. వంట మీరే చూసుకోండి."

అన్నట్టే వెళ్ళి కూతురి పక్కన కూర్చుంది. ఆ రాత్రి సిద్ధాంతిగారు అటుకులు నానబోసుకున్నారు. పెరుగు ఎక్కడుందో అడగడానికి మాత్రం పౌరుషం అడ్డొచ్చింది. మర్నాడూ అటుకులే.

గురువారం ఉదయం ఏడున్నరకి ముహూర్తం. కొత్తిల్లు చుట్టాలతో నిండిపోయింది. పొయ్యి మీద ఇత్తడి గిన్నె పెట్టారు. పాపాయమ్మ కూతురు పట్టుచీర సర్దుకుంటూ ముందుకి వచ్చింది. ఉషారాణి వంటగది గుమ్మం అవతల, గోడకి ఆనుకుని నిలబడింది. పిలవని పేరంటానికి వచ్చినదానిలా ఉంది, తన ఇంట్లోనే.

మంత్రం చదువుతున్న సిద్ధాంతిగారు మధ్యలో ఆపేశారు.

"ఇల్లాలు ఏదమ్మా? ఇలా రా ఉషారాణీ."

పాపాయమ్మ దగ్గరికొచ్చి చిన్నగా గుర్తుచేసింది, ఆ పిల్ల చెయ్యి సంగతి. సిద్ధాంతిగారు గొంతు తగ్గించలేదు.

"ఆ చేపలు చచ్చింది నా మాట వల్ల. మీ కోడలికేం సంబంధం లేదు. అందరూ వినండి, నేనే చెబుతున్నాను."

"మరి శాస్త్రమండీ?" అంది పాపాయమ్మ తెల్లబోయి.

"శాస్త్రంలో చేపలు లేవమ్మా. పదిహేనేళ్ళ కిందట టీవీలో ఎవరో చెబితే విన్నాను. బాగుందని నేనూ చెప్పడం మొదలుపెట్టాను." ఉత్తరీయంతో మొహం తుడుచుకున్నారు. "పాలు ఇంటి కోడలు పొంగించాలి. ఇది మాత్రం మా తాతగారి దగ్గర నుంచి వస్తున్న మాట. కాదంటే నా దక్షిణ వద్దు, నేను వెళ్ళిపోతాను."

జీవితంలో మొదటిసారి జానకిరామ్ తల్లి వైపు చూడకుండా కదిలాడు. వెళ్ళి భార్య చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. ఉషారాణి పాలు పోస్తుంటే చెంబు గిన్నె అంచుకి తగిలి చప్పుడైంది. పాలు పొంగి తూర్పు వైపుకి జారేసరికి ఆమె కళ్ళు కూడా ఆగలేదు. పాపాయమ్మ దగ్గరికొచ్చి తన కొంగు చివరతో కోడలి చెంప ఒత్తింది. ఒత్తి, గబుక్కున పీటల సంగతి చూడటానికి వెళ్ళిపోయింది.

భోజనాలప్పుడు ఆవిడే మళ్ళీ వచ్చి అడిగింది. "ఆయ్, అయితే తొట్టిలో ఏం వెయ్యమంటారండి సిద్ధాంతిగారూ?"

"నన్నడక్కండి. మా అమ్మాయిని అడగండి."

ఆయన ఇంటికి వచ్చేసరికి వర్షిణి అరుగు మీద ఉన్న ఆఖరి తొట్టిని ఆటోలోకి ఎక్కించబోతోంది. కొట్టు పెట్టుకోవడానికి స్నేహితురాలి ఇంట్లో షెడ్డు మాట్లాడుకుంది. సిద్ధాంతిగారు కండువా నడుముకి చుట్టి తొట్టి రెండో వైపు పట్టుకున్నారు. పట్టుకుని, ఆటో వైపు కాకుండా గది వైపు తిప్పారు.

"జానకిరామ్ గారింటికి చేపలు కట్టు," అన్నారు. "ఉషారాణే వదులుతుంది. తొమ్మిది."

"పది నాన్నగారూ."

అరుగు మీద కూర్చున్న సీతారామలక్ష్మి లేచి చూస్తోంది. తొట్టి బరువుకి ఆయన వైపే ఒరుగుతోంది.

"సరే, పది," అన్నారు సిద్ధాంతిగారు. "ముందు ఇది దింపనీ."