ఊ కొట్టే ఫోను

మా వదిన్ని ఆస్పత్రిలో అందరూ సబ్బక్క అంటారు. వయసు నలభై రెండు. ఏ పనికైనా ముందొకసారి, తరవాత ఒకసారి మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుంటుంది. అది చాదస్తం కాదు, ఉద్యోగం. ల్యాబులో పరీక్షలు చేస్తుంది. పొద్దున్న వెళ్ళేసరికి ఊళ్ళోవాళ్ళ కఫం, మూత్రం, చీము ఆవిడ బల్ల మీద సిద్ధంగా ఉంటాయి. వాటిని చూసి ఆవిడ మొహం చిట్లించగా నేనెప్పుడూ చూడలేదు.

"వాటికేమయిందే? మూత పెడితే నోరు మూసుకుని కూర్చుంటాయి. మీ అన్నయ్యకన్నా నయం" అనేది.

అలాంటి మనిషి ఒక ఫోన్‌ని ముట్టుకుని వాంతి చేసుకుంది.

ఆ ఫోన్ కొన్నది వదిన జీతంతో. బిల్లు అన్నయ్య పేరు మీద, వారంటీ అన్నయ్య పేరు మీద. వాడేది మాత్రం వదిన. కొన్న కొన్నాళ్ళకే అందులో అవతలివాళ్ళ మాట వినపడడం మానేసింది. సర్వీస్ సెంటర్‌లో చూసి, బాగుచేయడం కుదరదు, మార్చి ఇస్తాం అన్నారు. ఇచ్చారు.

నేను వాళ్ళ పై వాటాలో ఒంటరిగా ఉంటాను. 'ఒంటరిగా' అన్న మాటని అన్నయ్య పలికినట్టు జాలిగా చదవకండి. ఆ రోజు కాఫీకని కిందికి దిగితే, వదిన వంటింటి గట్టు మీద ఫోన్ పెట్టి, స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడుస్తోంది. దూది పసుపుగా వచ్చింది. ఇంకో ఉండ తీసింది. అదీ పసుపే.

"కొత్తదేగా?" అన్నాను.

"కొత్తదానితో సమానమట. ఇది చూడు."

చెవి దగ్గర పెట్టుకునే చోట సన్నటి జల్లెడలాంటి కన్నాలుంటాయి కదా, ఆ కన్నాల నిండా గోధుమరంగు ముద్ద. గుండుసూదితో గీకి, వేలి మీద పెట్టుకుని, వెలుతురులో తిప్పి చూసింది.

"గులిమి. ఎండిందనుకున్నా. మెత్తగానే ఉంది."

ఆ కాఫీ నేను తాగలేకపోయాను.

తుడిచిన ప్రతిసారీ ఫోన్ మెరిసేది. మర్నాడు పొద్దున్నకి మళ్ళీ జిడ్డు. ఎవరో రాత్రంతా దాన్ని చెంపకి ఆనించుకుని పడుకున్నట్టు, అద్దం మీద బుగ్గ అచ్చు పడి ఉండేది. వదిన బుగ్గ కాదు. వదినకి బుగ్గలెక్కడివి? దవడ ఎముకలే. తరవాత వాసన మొదలైంది. రోజంతా మూసి ఉంచిన నోరు తెరిస్తే వచ్చే పాచి వాసన. మాట్లాడి పెట్టేశాక వదిన చెవి తడిగా ఉండేది. తుడుచుకుంటే జిగురు.

ఆ జిగురు మొదటిసారి వేళ్ళకి అంటిన రోజే వాంతి చేసుకుంది.

తీసుకెళ్ళి ఇస్తే మళ్ళీ మార్చారు. ఇది బాగానే ఉందనుకున్నాం. పెద్దగా వాసన లేదు. నాలుగు రోజులు గడిచాక నేను బయటి నుంచి వదినకి ఫోన్ చేశాను. ఆస్పత్రిలో ఎవరో చేసిన ఆగడం చెబుతోంది. వింటున్నాను. మధ్యలో, వదిన గొంతు మీదుగా, "ఊఁ..." అని వినపడింది.

"పక్కన ఎవరున్నారు వదినా?"

"ఎవరూ లేరే. ఎందుకు?"

"ఊఁ..."

నిదానంగా, ఒద్దికగా, అలిసిపోయిన ఆడగొంతు. విన్నట్టూ ఉంటుంది, విననట్టూ ఉంటుంది. ఆ 'ఊఁ' నాకు బాగా తెలుసు. మా అమ్మ అలాగే అనేది.

ఇక్కడ మా అన్నయ్య గురించి చెప్పాలి. అన్నయ్య చెడ్డవాడు కాదని అందరూ అంటారు, ముఖ్యంగా అన్నయ్య. కంపెనీ పని మీద ఊళ్ళు తిరుగుతాడు. సాయంత్రం కాగానే వదినకి ఫోన్ చేసి, ఆ రోజు తను ఎవరిని ఎలా కడిగేశాడో, తన మాట వినక ఎవరు ఎలా చెడిపోయారో చెబుతాడు. వదిన ఊ కొట్టాలి. కూర తరుగుతూ, బట్టలు మడతపెడుతూ, కూర్చున్నచోటే కునుకు తీస్తూ ఊ కొట్టాలి. ఒక్క ఊఁ తప్పితే "వింటున్నావా?" అని గద్దిస్తాడు. పెళ్ళయిన దగ్గర్నుంచీ వదిన ఇంట్లో మాట్లాడిన తెలుగంతా కలిపితే అందులో సగం ఆ ఒక్క అక్షరమే.

అప్పుడే వదినకి కొత్త ఉద్యోగం వచ్చింది. వదిన ఆస్పత్రివాళ్ళే వేరే ఊళ్ళో కొత్త ల్యాబు కడుతున్నారు. దానికి ఇన్‌చార్జిగా వదిన్ని పంపాలని పెద్ద డాక్టరమ్మ అనుకుంది. ఉండడానికి గది కూడా ఇస్తారు. వదిన మొహం చిన్నపిల్ల మొహంలా అయిపోయింది.

"నా బల్ల, నా తాళం, నా గదే! తలుపేసుకుంటే 'ఏం చేస్తున్నావు' అనేవాడు ఉండడు. వెళ్తానే. ఎవరేమన్నా సరే వెళ్తాను."

ఆ వారం అన్నయ్య ఇంటికొచ్చి, చెప్పులు విప్పుతూనే, "వద్దని చెప్పేశావుగా ఆవిడకి?" అన్నాడు.

"ఎవరికి? ఏం వద్దని?"

"అదేమిటి, నిన్న ఫోన్లో అడిగాను కదా. ఆ ఉద్యోగం మనకొద్దు, మానేస్తావుగా అంటే ఊఁ అన్నావు."

"నిన్న నువ్వు నాకు ఫోనే చెయ్యలేదు!"

"అరగంట మాట్లాడాను. నీకు మతిమరుపు ముదిరింది. నీ చేతికి ల్యాబు అప్పగిస్తారట పాపం."

వదిన నా వైపు చూసింది. ముందురోజు సాయంత్రం అన్నయ్య ఫోన్ చేసే వేళకి తను నాతో మేడ మీద బట్టలు తీస్తోంది. ఫోన్ కింద గదిలో ఉంది.

మర్నాడు అన్నయ్య మళ్ళీ ఊరెళ్ళాడు. ఆస్పత్రిలో గుమాస్తా కూడా అదే మాట అన్నాడట. "ఏంటి సబ్బక్కా, పోస్టు వద్దన్నావట? పెద్ద డాక్టరమ్మ ఫోన్ చేసి వేరేవాళ్ళని పంపనా అంటే ఊఁ అన్నావట. ఆవిడకి నమ్మకం కుదరక, పక్క ఊరి నుంచి రాగానే ఇంకొక్కసారి అడుగుతానంది. ఆ తరవాత ఇంక ఆగదు, చెబుతున్నా."

వదిన చేతులు కడుక్కుంది. మళ్ళీ కడుక్కుంది. చర్మం ఎర్రబడేదాకా కడుక్కుని, "పద, సర్వీస్ సెంటర్‌కి" అంది.

వాన పట్టిన మధ్యాహ్నం. సర్వీస్ సెంటర్‌లో పట్టపగలే లైట్లు వేశారు. తడిసిన గొడుగుల వాసన, కాలిన ప్లాస్టిక్ వాసన. కౌంటర్ వెనక టై కట్టుకున్నాయన వదిన్ని చూడగానే నీరసపడ్డాడు.

"బిల్లు సార్ పేరు మీద ఉంది కదా మేడమ్. సార్‌ని పంపండి."

"సార్ ఊరెళ్ళారు. ఫోన్ పెట్టుకునే చెవి నాది."

"సరే, కంప్లైంటేంటి?"

"నేను మాట్లాడకపోయినా ఇది మాట్లాడుతోంది. ఊఁ అంటోంది."

టై ఆయనకి నవ్వాగలేదు. "అదృష్టవంతులు మేడమ్. మా ఇంట్లో ఒక్కళ్ళూ ఊఁ అనరు." ఫోన్ తీసుకుని నోటి దగ్గర పెట్టుకున్నాడు. "హలో... హలో... వినపడుతోందా?"

"ఊఁ..."

"చూశారా? బ్రహ్మాండంగా వినపడుతోంది."

వదిన పిడికిలి తెరిచి అతని ముందు చాపింది. అరచేతిలో సిమ్ ఉంది. ఇచ్చేముందే తీసేసింది.

అతని నవ్వు మొహం మీద అలాగే ఉండిపోయింది, తియ్యడం మరిచిపోయినట్టు. ఫోన్ కింద పెట్టి వేళ్ళు ప్యాంటుకి తుడుచుకున్నాడు. వేళ్ళ మధ్య తీగలాగా ఏదో సాగి, తెగింది. సొరుగు లాగి, మూతి కట్టిన కవర్లో ఇంకో ఫోన్ తీసి, చివరలు పట్టుకుని ఇచ్చాడు.

"ఇదే ఆఖరిది. ఇంక తేకండి మేడమ్."

"ఇంతకుముందు ఇది ఎవరిది?"

"మాకు చెప్పరు." అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "వెనక్కొచ్చేవన్నీ ఇదే కంప్లైంటు మేడమ్. తెచ్చేదంతా ఆడవాళ్ళే. వాళ్ళ భర్తలకి మాత్రం... ఏ ఇబ్బందీ ఉండట్లేదు."

ఇంటికొచ్చేసరికి చీకటి పడింది, కరెంటు పోయింది. నా ఫోన్ నుంచి పెద్ద డాక్టరమ్మకి చేసి చూశాం. తెలియని నంబరు కాబట్టేమో ఆవిడ ఎత్తలేదు. చేసేదేముంది, నా పాత ఫోన్లో వదిన సిమ్ పట్టదు, కొత్తదాన్లోనే వేసి, భోజనాల బల్ల మీద స్టీలు పళ్ళెంలో పెట్టాం. అటొకరం ఇటొకరం కూర్చున్నాం. కొవ్వొత్తి వెలుగు. బయట తూముల్లోంచి వాన నీళ్ళు గుడగుడమని దిగుతున్నాయి.

ముందు వాసన వచ్చింది. పాచి నోరు, తడి వెంట్రుకలు, నిలవ పౌడరు. ఫోన్ చుట్టూ పళ్ళెం మీద ఆవిరి పట్టింది. జల్లెడ కన్నాల్లోంచి చెమట బొట్లు పైకి ఉబికి... ఒకదాన్నొకటి కలుపుకుని... అంచు దాకా జారాయి.

"వదినా..."

"చూస్తున్నా. కదలకు."

కన్నాల్లో ఒకదాంట్లోంచి వెంట్రుక కొస బయటికి వచ్చి ఉంది. వదిన తన సంచీలోంచి పట్టుకారు తీసింది. కొస పట్టుకుని లాగింది. వచ్చింది. ఇంకా లాగింది. తెల్ల వెంట్రుక, జిడ్డుగా, తడిగా... వస్తూనే ఉంది. వదిన భుజం దాకా వచ్చింది, అయినా అయిపోలేదు.

"ఊఁ... ఊఁ..."

నొప్పిని ఓర్చుకునే ఊఁ.

వదిన చెయ్యి ఆగింది. అప్పుడు... లోపలి నుంచి ఎవరో ఆ వెంట్రుకని వెనక్కి లాక్కున్నారు. పట్టుకారుతో సహా వదిన చెయ్యి పళ్ళేనికి కొట్టుకుంది.

ఫోన్ మోగింది. పెద్ద డాక్టరమ్మ.

వదిన స్పీకర్ నొక్కి, "అమ్మా, నేను వెళ్తాను, ఆ పోస్టు నాకే కావాలి" అంది గట్టిగా.

"హలో? సబ్బక్కా? ఇంకోసారి అడుగుతున్నాను. మీరు వెళ్ళట్లేదన్నమాటేనా?"

"ఊఁ..."

"కాదు! వెళ్తాను!" వదిన అరిచింది. నేనూ అరిచాను.

"మీ ఆయన వద్దన్నారా?"

"ఊఁ..."

"సరే, మీ ఇష్టం. పొద్దున్నే వేరేవాళ్ళ పేరు పంపేస్తాను. ఏమీ అనుకోరుగా?"

"ఊఁ..." ఈసారి అందులో నవ్వులాంటిది ఉంది. ఇంట్లోకి ఇంకో మనిషి తోడొస్తోందంటే ముసలివాళ్ళు నవ్వే నవ్వు.

కాల్ ఆగిపోయింది. నేను ఏడుస్తున్నాను. వదిన ఏడవలేదు. పళ్ళెం మీద గిన్నె బోర్లించి, వానలోనే, గొడుగైనా తీసుకోకుండా బయల్దేరింది. వెనకే పరిగెత్తాను. పెద్ద డాక్టరమ్మ ఉండేది ఆస్పత్రి వెనక క్వార్టర్స్‌లో.

తలుపు తీసి ఆవిడ నివ్వెరపోయింది. "ఇదేమిటి, తడిసి ముద్దయ్యారు! ఇప్పుడే కదా వెళ్ళనన్నారు?"

వదిన నోరు తెరిచింది. మాట రాలేదు. పెదాలు ముందుకి సున్నాలా చుట్టుకోవడం నేను చూశాను. గొంతులో గరగరమని ఏదో పైకి వస్తోంది. వదిన కళ్ళు నన్ను వెతికాయి. ఆ కళ్ళల్లో అంత భయం నేనెప్పుడూ చూడలేదు.

"వెళ్ళరన్నమాటేగా?" అంది డాక్టరమ్మ మెల్లగా.

వదిన తన నాలుకని తనే కొరుక్కుంది. గడ్డం మీదికి నెత్తురు కారింది. ఆ నెత్తురుతోనే ఒక్కొక్క మాటా ఉమ్మినట్టు పలికింది.

"నేను... వెళ్తాను. ఆ ఉద్యోగం నాది."

ఆదివారం వెళ్ళిపోయింది. వెళ్తున్నానని అన్నయ్యకి మొహం మీదే చెప్పింది. ఇంట్లో పెద్ద రాద్ధాంతమే జరిగింది. అన్నయ్య గిన్నెలు విసిరాడు, కుటుంబ గౌరవం అన్నాడు, నన్ను ఇల్లు కూల్చే రకం అన్నాడు. వదిన అన్నీ విని, ఒక్కదానికి కూడా ఊ కొట్టకుండా, పెట్టె ఎత్తుకుంది.

ఇప్పుడు తన ల్యాబులో తను ఉంది. ఫోన్ కొనుక్కోలేదు. ఏదైనా చెప్పాలంటే నాకు ఉత్తరం రాస్తుంది.

అన్నయ్య మాత్రం నెల తిరక్కుండానే కుదుటపడ్డాడు. సాయంత్రం కాగానే కింది నుంచి ఆయన గొంతు వినపడుతుంది. ఎవరిని ఎలా కడిగేశాడో చెబుతుంటాడు. నన్ను చూస్తే చేత్తో ఫోన్ మూసి, "మీ వదినే. దూరం వెళ్ళాక బుద్ధొచ్చింది. ఇప్పుడు చెప్పిందల్లా వింటోంది" అంటాడు సంబరంగా. ఆయన కుడి చెవి చాలాసేపు నీళ్ళల్లో నానినట్టు తెల్లగా ఉబ్బి ఉంటుంది. బుగ్గ మీద జిగురు. తుడుచుకోమని చెబితే "దేన్ని?" అంటాడు.

ఆ ఫోన్‌ని, సిమ్‌తో సహా, వదిన వెళ్ళే ముందురోజే ఆస్పత్రి చెత్త కాల్చే బట్టీలో వేసింది. కరిగేదాకా ఇద్దరం అక్కడే నిలబడ్డాం.