స్వర్ణ విన్న కూత

2016 జూన్ 14, మంగళవారం. మధ్యాహ్నం 12.20.

చీపురుపల్లి స్టేషన్‌కు రెండు కిలోమీటర్ల అవతల గూడ్స్ బండి ఒక ఆడమనిషిని కొట్టేసింది.

రైల్వే ఎస్సై నరసింగరావు చేరేసరికి ఒంటిగంట దాటింది. తల ఒక పక్క చితికిపోయింది. రెండో పక్క చెవిలో దూది కుక్కి, పైన కొవ్వొత్తి మైనం అదిమి ఉంది.

అర కిలోమీటరు నుంచి హారన్ కొడుతూనే ఉన్నానని లోకో పైలట్ చెప్పాడు. ఆమె తల కూడా తిప్పలేదట.

చనిపోయినామె స్వర్ణ. ఇరవై తొమ్మిదేళ్లు. విజయనగరంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. ఎక్కువగా నైట్ డ్యూటీలే. భర్త థామస్ డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ లెక్చరర్, చర్చి కమిటీ సెక్రటరీ. కబురంది పట్టాల దగ్గరికి వచ్చి, ఏడుస్తూనే మందుచీటీల ఫైలు తీసి చూపించాడు. ఏడాదిన్నరగా ఆమెకు మతి స్థిమితం లేదన్నాడు. లేని శబ్దాలు వినిపిస్తున్నాయని గొడవ చేసేదన్నాడు.

"సూసైడ్, సార్. కాపాడుకోలేకపోయాను."

నరసింగరావు పట్టాల పక్క తుప్పల్లో పడి ఉన్న తలగడనే చూస్తున్నాడు. దాని పక్కన మడత పెట్టిన దుప్పటి. నీళ్ల సీసా.

"చావడానికి వెళ్లేవాళ్లు తలగడ పట్టుకెళ్లరు," అన్నాడు కానిస్టేబుల్ ఉషతో.

పట్టాల అవతల జీడితోట. తోట కాపలా చూసే బుల్లమ్మను అడిగారు. వారం రోజులుగా ఆ నర్సమ్మ పొద్దెక్కాక వచ్చి చెట్టు కింద పడుకుని, సాయంత్రం లేచి వెళ్తోందని చెప్పింది. పామూ పుట్రా ఉంటాయంటే, ఇంటికన్నా నయమే అందట.

దూది వల్ల బండి కూత వినపడలేదు. అది ప్రమాదం. నరసింగరావు అలాగే రాశాడు. కానీ ఇంట్లో మంచం ఉన్న మనిషి తోటలో పడుకోవడానికి ఎందుకు వెళ్లింది?

జూన్ 16, గురువారం. ఉదయం 11.10. చీపురుపల్లిలో థామస్ ఇల్లు.

థామస్ సమాధి రాయి పని మీద వెళ్లాడు. తల్లి లీలారాణి ఒక్కతే ఉంది. అరవై ఏడేళ్లు. నరసింగరావు హాల్లో కూర్చున్నాడు. ఉష తలుపు దగ్గర నిలబడింది.

"ఆ సౌండు మీరెప్పుడైనా విన్నారా?"

"నేదు బాబూ."

"మీ అబ్బాయి?"

"ఆడూ నేదంతాడు."

"కోడలికి ఎప్పుడు వినబడేది?"

"డూటీ నుంచొచ్చి పడుకున్నాక. సాయంత్రం ఆడొచ్చేసరికి ఆగిపోనాదనీది. దెయ్యం పట్టిందనుకున్నాం. మూడు దినాలు ఉపాసం పెట్టి ప్రార్థన సేయించాను."

నరసింగరావు చెవి ఒగ్గి విన్నాడు. సీలింగ్ ఫ్యాను తిరుగుతున్న చప్పుడు. అంతే. ముసలామె అబద్ధం చెప్పడం లేదు. ఆయన లేవబోయాడు.

ఉష గుమ్మంలో లేదు. అరుగు మీద రెండు చెవులూ మూసుకుని కూర్చుని ఉంది.

"ఏమైంది?"

"తల పగిలిపోతన్నాది సార్. లోపల ఆ కూత మీరెలగ బరిస్తన్నారు?"

"ఏం కూత?"

ఉష ఆయన ముఖంలోకి వింతగా చూసింది. ఆమెకు ఇరవై మూడేళ్లు. ఆయనకు యాభై ఆరు.

నరసింగరావు ఫ్యాను ఆపించాడు. ఉష పళ్లు బిగించి లోపలికొచ్చి గది గదీ తిరిగింది. ఫ్రిజ్ కాదు. టీవీ కాదు. పడకగదికీ హాలుకీ మధ్య ప్లైవుడ్ అడ్డం. అటు పక్క స్వర్ణ మంచం తలవైపు. ఇటు పక్క థామస్ సొంతంగా బిగించుకున్న కంప్యూటర్. మానిటర్ చీకటిగా ఉంది. కేబినెట్‌కు ఒక పక్క రేకు విప్పి, ఆ తెరిచిన పక్కను ప్లైవుడ్‌కు ఆనించి పెట్టారు.

"ఇక్కడే సార్."

కంప్యూటర్ పగలంతా ఆపేసే ఉంటుందని లీలారాణి నమ్మకం. కాలేజీకి వెళ్తూ కొడుకు ఆ తెర ఆర్పేయడం ఆమె రోజూ చూసేది.

బజారు నుంచి కంప్యూటర్ రిపేరు కొండబాబును పిలిపించారు. అతను రబ్బరు గొట్టం ఒక కొస చెవికి పెట్టుకుని, రెండో కొసతో లోపల ఒక్కో భాగాన్నీ వెతికాడు. పవర్ సప్లై. బోర్డు. చివరికి తెర మీద బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డు దగ్గర గొట్టం ఆగింది. మానిటర్ వెలిగించాడు. వెనకాల ఏదో ఆట నడుస్తోంది. ఆడేవాడు లేడు. అది ఆపగానే ఉష ఊపిరి పీల్చుకుంది. మళ్లీ పెట్టగానే చెవులు మూసుకుంది.

కార్డులోని చిన్న రాగి చుట్టల్లో కరెంటు పోటెత్తి అవి వణుకుతున్నాయనీ, కార్డు పాడవలేదనీ, సెకనుకు వేల బొమ్మలు గీసేలా పగ్గం విప్పేస్తే కొన్ని కార్డులు ఇలా అరుస్తాయనీ కొండబాబు చెప్పాడు. వయసు మళ్లినవాళ్ల చెవికి అంత సన్నటి కూత అందదట.

"ఆపడం ఎలా?"

"సెట్టింగుల్లో ఒక టిక్కు సార్. అది పెడితే నోరు మూసుకుంటాది. ఎవులో కావాలని తీసేసారు."

ఆట దానంతటదే మొదలవడానికి టైము కూడా పెట్టి ఉంది. ఉదయం 9.30 నుంచి సాయంత్రం 5.15 వరకు. నెలాఖరు దాకా. మనిషి మట్టిలో కలిసిన మర్నాడు కూడా అది తన పని చేసుకుపోతోంది.

జూన్ 17. సాయంత్రం 4 గంటలు. రైల్వే పోలీస్ స్టేషన్.

బల్ల మీద సీజ్ చేసిన కంప్యూటర్. ఎదురుగా థామస్. గోడ వారన లీలారాణి, ఉష, కొండబాబు.

"పగలు ఆట ఎందుకు నడుస్తోంది?"

"కార్డు టెస్ట్ చేస్తున్నాను, సార్."

"సౌండు మీకు వినపడలేదా?"

"లేదు."

నరసింగరావు రెండు కాగితాలు పక్కపక్కన పెట్టాడు. ఒకటి ఆసుపత్రి డ్యూటీ చార్టు. రెండోది కంప్యూటర్‌లో చెరిగిపోకుండా మిగిలిన ఎనిమిది నెలల రికార్డు. స్వర్ణ నైట్ డ్యూటీ చేసి వచ్చిన ప్రతి పగలూ ఆట నడిచింది. పగటి డ్యూటీ ఉన్న రోజు ఒక్కసారీ నడవలేదు.

"మే 3 డ్యూటీని ఆవిడ తోటి నర్సుతో మార్చుకుంది. ముందురోజు సాయంత్రం 7.40కి ఇందులోనూ తేదీ మారింది. ఈ డబ్బాకి నర్సుల డ్యూటీలు ఎవరు చెప్పారు, మాస్టారూ?"

థామస్ డ్యూటీ చార్టును తన వైపు లాక్కుని చూశాడు.

ఇంకో కాగితం తీశాడు ఎస్సై. అదే కంప్యూటర్‌లో దొరికిన విడాకుల పిటిషన్ చిత్తుప్రతి. రెండేళ్లుగా భార్యకు నయంకాని పిచ్చి అని రాసి ఉంది. చట్టం ప్రకారం విడాకులకు ఆ రెండేళ్లు నిండాలి; అందుకు ఇంకా ఆరు నెలలుంది. కాలేజీలో ఇంకొకామెతో సంబంధం ఉన్నట్టు విచారణలో తేలింది. చర్చి సెక్రటరీకి చెడ్డపేరు రాకుండా భార్య పోవాలంటే, పిచ్చిదై పోవాలి.

థామస్ ఆ కాగితాన్ని వెనక్కి తోశాడు. ఇప్పుడు అతని గొంతులో ఏడుపు లేదు.

"ఆత్మహత్య కాదని రాసింది మీరే కదా, సార్. మరి ఆత్మహత్యకు ప్రేరేపించానని 306 సెక్షన్ ఎలా పెడతారు?"

నరసింగరావు చెంప మీద కొట్టినట్టయింది. వాడు అన్నది నిజం. పంచనామాలోంచి తలగడ తీసేస్తే అది ఆత్మహత్య అవుతుంది, వాడికి పదేళ్ల వరకు శిక్ష. ఉంచితే భార్యను హింసించిన 498ఎ కేసు మాత్రమే. మూడేళ్లు. బెయిలు ఎలాగూ వస్తుంది.

ఆయన పెన్ను మూత తీశాడు. స్వర్ణ చావాలనుకోలేదు. నిద్రపోవాలనుకుంది. ఆ ఒక్క నిజమూ ఆమె దగ్గర్నుంచి లాక్కోవడానికి ఆయనకు చెయ్యి రాలేదు. 498ఎ అని రాసి సంతకం పెట్టాడు.

థామస్‌ను లోపలికి తీసుకెళ్తుంటే లీలారాణి కొడుకు వైపు చూడలేదు. లేచి కొండబాబు దగ్గరికొచ్చింది.

"ఒకసారి పెట్టు బాబూ."

అతను ఎస్సై వైపు చూశాడు. ఆయన తలాడించాడు.

ఆట మొదలైంది. ఉష గబగబా బయటికెళ్లిపోయింది. ముసలామె మోకాళ్ల మీద కూర్చుని, బల్ల అంచు పట్టుకుని, కేబినెట్‌కు చెవి ఆనించింది. కళ్లు మూసుకుంది. నిమిషం గడిచింది.

"ఏటీ వినపడ్డం నేదు. ఇంకొంచెం పెద్దగా పెట్టు."

"ఇంతకన్నా పెద్దగా ఉండదమ్మా," అన్నాడు కొండబాబు.

ఆమె రెండో చెవి ఆనించింది.