నీ జాగల ఎవరొస్తరు?

మిట్టమధ్యాహ్నం ఖాళీ బడిలో ఒంటరిగా అడుగు పెట్టొద్దని పెద్దలు ఊరికే అనలేదు. కానీ అవసరం ముంచుకొస్తే ఆ మాటలు ఎవరికి గుర్తుంటాయి? సుకుమారి ఆటో దిగి, చున్నీ నెత్తిమీద కప్పుకుని, పటాన్‌చెరు కంపెనీల వెనక ఉన్న తన బడి గేటు ముందు నిలబడింది. మే నెల ఎండకు రోడ్డు మీద కుక్క కూడా లేదు. మందుల కంపెనీల ఘాటు వాసన మాత్రం ఎప్పటిలాగే ఉంది. ఆరేళ్లుగా ఆ వాసనలోనే రెండో తరగతికి పాఠాలు చెప్పింది గనుక ఆమెకు అది తెలిసేది కూడా కాదు.

ఆమెకు వియత్నాంలో కొలువొచ్చింది. హనోయ్‌లో ఇంటర్నేషనల్ స్కూలు, ఉండటానికి గది కూడా వాళ్లదే. భర్త చార్లీ ముంబై హైవే మీద బండి కింద పడి చనిపోయి మూడేళ్లయింది. అప్పటి నుంచి ఆమె, ఏడేళ్ల కూతురు నిస్సీ కలిసి అక్క పరంజ్యోతి ఇంట్లో ఒక గదిలో సర్దుకుంటున్నారు. ఇప్పుడు పిల్లను అక్క దగ్గర విడిచి పోవాలి. పోకపోతే ఈ బతుకు ఎప్పటికీ ఇంతే. ఏడాది తిరిగితే పిల్లను కూడా తెచ్చుకోవచ్చని వాళ్లు రాశారు. ఆ ఒక్క మాట పట్టుకునే ఒప్పుకుంది.

అడ్డమల్లా అసలు సర్టిఫికెట్లే. ఇక్కడి ప్రైవేటు బళ్ల రివాజు తెలిసిందే కదా, చేరిన రోజే వాటిని తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేస్తారు. విడిపించుకోవాలంటే మన జాగలో ఇంకో టీచరును చూపించాలి. సుకుమారి ముగ్గురిని అడిగింది. ముగ్గురూ ఆ జీతానికి రామన్నారు. చూస్తుండగానే ఆఖరు రోజు వచ్చేసింది. సాయంత్రం ఐదింటికల్లా కాగితాలు సంగారెడ్డిలో ఏజెంటు చేతిలో పడాలి. పడకపోతే వీసా లేదు, కొలువు లేదు.

కరస్పాండెంట్ నర్సింగ్ సార్ ఎక్కడో పెండ్లిలో ఉన్నాడు. పొద్దున ఫోన్లో నాలుగు ముక్కలు చెప్పి పెట్టేశాడు. తాళాలు ఆయా ఆగమ్మ దగ్గర ఉన్నాయట. ఫారం నింపి బీరువాలో పెట్టి కాగితాలు తీసుకుపొమ్మన్నాడు. "నీ జాగల ఎవరొస్తరు, ఆ పేరు మాత్రం ఖాళీ ఉండొద్దు" అన్నాడు.

ఆగమ్మ ఆఫీసు గది తీసి, బీరువా తాళం చేతిలో పెట్టింది. లోపలికి మాత్రం రానంది. ఎందుకని అడిగితే మోకాళ్లనీ ఎండనీ ఏదో నసిగి, జల్దీ కానిమ్మని చెప్పి గేటు పక్క నీడకు పోయి కూర్చుంది.

బీరువా అడుగు అరలో సుకుమారి కవరు దొరికింది. దాని కిందే దుమ్ము పట్టిన ఇంకో కవరు ఉంది. పైన పేరు, ధనలక్ష్మి, ఎమ్మెస్సీ బీఈడీ. లోపల సర్టిఫికెట్లు, నూనె రాసి గట్టిగా జడ వేసుకున్న ఒకామె ఫొటోలు, మస్కట్‌లోని ఒక బడి పంపిన ఉద్యోగపు ఉత్తరం. దాని మీద ఎనిమిదేళ్ల కిందటి తేదీ. పాపం, ఈమె పోనేలేదన్నమాట అనుకుంది సుకుమారి. సాటి మనిషి మీద జాలేసింది.

ఫారం ముందు పెట్టుకుంది. తన వివరాల గడులన్నీ నిండాయి. ‘మీ స్థానంలో వచ్చే టీచరు పేరు’ దగ్గర పెన్ను ఆగిపోయింది. గడియారం చూసింది. పక్కనే ఉన్న ఆ దుమ్ము కవరు చూసింది. సార్ ఇప్పుడు ఫోన్ చేసి కనుక్కుంటాడా ఏంది? ధనలక్ష్మి అని రాసేసింది. అడక్కుండా ఒకరి పేరు వాడుకున్నందుకు మనసు చివుక్కుమంది.

అప్పుడు తట్టింది ఆమెకు, కంపెనీల వాసన రావడం లేదని.

ఆరేళ్లలో ఒక్క రోజు కూడా ఆగని వాసన. కిటికీ తెరిచే ఉంది. ఆ వాసన బదులు తడిగుడ్డతో తుడిచిన నల్లబల్ల వాసన వస్తోంది. సెలవులిచ్చి నెలయింది... బల్ల ఎవరు తుడిచారు?

పక్క గది రెండో తరగతి. అందులో సుద్దముక్క గీసుకుంటున్న చప్పుడు. టక్... గీక్... టక్. ఉడత అనుకుంది. ఉడత కాదని తెలుస్తూనే ఉంది. చప్పుడు ఆగింది. వరండాలో చెప్పుల్లేని అడుగులు... ఒకటి... రెండు... గుమ్మం దాకా వచ్చాయి. సుకుమారి తల ఎత్తలేదు. ఎత్తలేకపోయింది. లోపల్లోపలే యేసయ్యా అనుకుంది. పక్కనున్న కుర్చీ కిర్రుమంది.

చెవి దగ్గర, మెల్లగా, ఎంతో మర్యాదగా...

"ఎక్కడ పెట్టాలె మేడమ్... సంతకం?"

ఆరేళ్లుగా పిల్లలు పుస్తకం తెచ్చి ఎక్కడ రాయాలె మేడమ్ అంటే వేలు పెట్టి చూపించిన అలవాటు. కళ్లు గట్టిగా మూసుకునే ఉంది. అయినా ఆ వేలు దానంతటదే పోయి ‘చేరే టీచరు సంతకం’ మీద ఆగింది. చేతిలోని పెన్ను ఎవరో మెత్తగా తీసుకున్నారు. కాగితం మీద పాళీ గీసిన చప్పుడు. తర్వాత ఏమీ లేదు.

కళ్లు తెరిస్తే గదిలో ఎవరూ లేరు. ఫారం మీద సంతకం ఉంది. ఎడమకి వాలిన అక్షరాలు, కింద రెండు గీతలు, గీతల నడుమ ఒక చుక్క. సిరా ఇంకా తడిగానే ఉంది.

కవరు గుండెకు హత్తుకుని ఎట్లా బయటపడిందో ఆమెకే తెలియదు. ఆగమ్మ ఆమె మొహం చూసి లేచి నిలబడింది. ఎవరి పేరు రాశావని అడిగింది. విని నెత్తి పట్టుకుంది. ధనలక్ష్మి ఇదే సర్టిఫికెట్ల కోసం ఇరవై రోజులు తిరిగిందట. జాగలో మనిషి దొరకలేదు, సార్ ఇవ్వలేదు. ఆఖరు రోజు ఏడుచుకుంటూ రోడ్డు దాటుతుంటే లారీ గుద్దింది.

"పెండ్లి గూడ కాలే గామెకు. పిల్లలంటే పానం పెట్టేది" అంది ఆగమ్మ. "లోపటికి పో బిడ్డా. ఆ పేరు కొట్టెయ్. పేరిచ్చి కాగితాలు తీస్కున్నవ్, పేరు వాపస్ తీస్కుంటే కాగితాలు గూడ ఆన్నే పెట్టాలె."

సుకుమారి వెనక్కి తిరిగి చూసింది. ఆఫీసు తలుపు తీసే ఉంది. చేతిలో కవరు ఉంది. టైము ఒంటిగంటన్నర.

"నాకు ఇయ్యాల్నే ఆఖరు, ఆగమ్మా" అంది. ఆటో ఎక్కింది. అప్పుడు కూడా ఆమెకు తెలుసు తను తప్పు చేస్తోందని.

హనోయ్‌లో ఆమె గది తొమ్మిదో అంతస్తులో ఉంది. కిటికీలోంచి వాన, పసుపు దీపాలు, ఎవరెవరివో ఇళ్లు. బడిలో పిల్లలు మంచివాళ్లే. కానీ సాయంత్రం గది తలుపేసుకుంటే తెల్లారేదాకా ఆమెను పేరు పెట్టి పిలిచే దిక్కు లేదు. ఒక్కోసారి తన పేరు తనే పైకి అనుకునేది. రోజంతా అక్క ఫోన్ కోసం బతికేది.

మొదట్లో నిస్సీ ఫోన్లో వెక్కి వెక్కి ఏడ్చేది. జూన్‌లో బళ్లు తెరిచి, అమ్మ పాఠాలు చెప్పిన ఆ రెండో తరగతిలోకే పోయాక ఏడుపు మానేసింది. కొత్త మేడమ్ వచ్చిందట, తన పక్కనే కూర్చుంటుందట, ఇంటి దాకా తోడొస్తుందట. సుకుమారి అక్కను అడిగితే, కొత్త మేడమ్ లేదు ఎవరూ లేరు, సార్‌కు ఇంకా మనిషి దొరకలేదు, రెండో తరగతిని మూడో తరగతిలోనే కూర్చోబెడుతున్నారని చెప్పింది. మరి పిల్ల జడ ఎవరు వేస్తున్నారంటే, అదే వేసుకుంటోంది అనుకున్నానే అంది. నూనె రాసి, గట్టిగా, వెంట్రుక కూడా చెదరకుండా వేసిన జడ.

ఆ రాత్రి సుకుమారికి నిద్ర లేదు. సెలవు అడిగింది. మూడు నెలలు నిండందే ఇవ్వం అన్నారు. పిల్ల బడి మాన్పించమని అక్కకు చెప్పింది. మాన్పించాను, అయినా ఇంట్లో ఒక్కతే కూర్చుని పాఠం అప్పజెప్తోంది, నీ మీద బెంగేమోలే అంది అక్క.

జూలై ఆఖరి శనివారం వీడియో కాల్‌లో నిస్సీ ఒక్కతే కనిపించింది. మంచం మీద బాసింపట్టు వేసుకుని, ఒళ్లో ప్రోగ్రెస్ కార్డు పెట్టుకుంది. బడికే పోని పిల్లకు కార్డు ఎవరిచ్చారు? చూపించమంటే కెమెరా దగ్గరికి తెచ్చింది. అన్నిట్లో మంచి మార్కులు. కింద ‘తల్లి సంతకం’.

ఎడమకి వాలిన అక్షరాలు. కింద రెండు గీతలు. నడుమ ఒక చుక్క.

"ఎవరు పెట్టిన్రు బిడ్డా... ఈ సంతకం?"

నిస్సీ ఫోన్ వైపు చూడలేదు. తల పక్కకు తిప్పి, చెప్పనా అన్నట్టు ఎవరి వైపో చూసింది. తర్వాత మర్యాదగా చేతులు కట్టుకుంది.

"అమ్మ పెట్టింది, మేడమ్."