సర్వపిండి ఎపిసోడ్

జహనుమా బస్తీలో సుజన వాళ్లింట్లో టీవీ కింద వెండిరంగు రికార్డర్ ఒకటి ఉండేది. అన్న ప్రకాశం షార్జా నుంచి తెచ్చాడు. క్యాసెట్ అక్కర్లేదని, టీవీలో వచ్చేదంతా దాని కడుపులో ఉన్న డిస్కులోనే దాచుకోవచ్చని అతను చెబితే గల్లీవాళ్లు వచ్చి మరీ చూసిపోయారు. సీరియళ్లు, క్రికెట్, సినిమాలు రికార్డు చేసేవాళ్లు, చూసేవాళ్లు, చెరిపేసేవాళ్లు. ఎన్నడూ చెరపనిది ఒక్కటే. సుజన తల్లి బాలమ్మ కేబుల్ ఛానల్ వాళ్ల వంటల కార్యక్రమంలో సర్వపిండి చేసిన అరగంట.

చర్చిలో ఎవరి పెళ్లయినా బాలమ్మే వండాలి. ఆమె చేతి రుచి సంగతి ఎవరో చెబితే ఛానల్ వాళ్లు కబురు పెట్టారు. పెట్టెలోని పట్టుచీర కట్టుకుని, కొంగుకు చిన్న మైకు పెట్టించుకుని, ఏమాత్రం బెదరకుండా వండింది. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, కరివేపాకు కలిపి గిన్నె లోపలంతా అద్ది, వేలితో చిల్లులు పెడుతూ, "ఈ చిల్లులల్ల నూనె పొయ్యాలె బిడ్డా, అప్పుడే కరకర కాలుతది" అని యాంకర్ పిల్లకు చెప్పింది. చివర చేతులు జోడించి "అందరికి వందనాలు" అంది.

మరుసటి ఏడు ఊపిరితిత్తుల జబ్బుతో పోయింది. మంచాన పడ్డాక దగ్గే తప్ప మాట సరిగా వచ్చేది కాదు. ఆ ఛానల్ కూడా మూతబడింది. బాలమ్మ మాట్లాడే గొంతు ఈ లోకంలో ఆ రికార్డర్‌లో తప్ప ఇంకెక్కడా మిగల్లేదు.

రెండువేల ఏడు వానాకాలంలో ఆ రికార్డర్ మొరాయించడం మొదలుపెట్టింది. ఆన్ చేస్తే లోపల కిర్రుమని, ఆగి, టక్ టక్ అని కొట్టుకునేది. బొమ్మ గళ్లుగళ్లుగా విరిగిపోయేది. సుజనకు అన్నం సహించలేదు. భర్త జోయెల్ ఆర్టీసీ కండక్టర్. అతనే మాదన్నపేటలో టీవీలు బాగుచేసే సోమశేఖర్‌ని బతిమాలి, ఒక ఆదివారం మధ్యాహ్నం ఇంటికి రప్పించాడు. ఆ రోజు తనకు మాత్రం డ్యూటీ పడింది.

సోమశేఖర్ మూత విప్పి, చెవి ఆనించి విని, పెదవి విరిచాడు.

"లోపటి డిస్కు పోతున్నది చెల్లె. తీసి కంప్యూటర్‌కు పెడితే అది దీని భాష సదవదు. ఒక్కటే దారి. దీంట్ల నడిపించుకుంట ఇంకో దాంట్ల ఎక్కించుకోవాలె."

తన షాపు నుంచి తెచ్చిన ఇంకో రికార్డర్‌ని దీని పక్కన పెట్టి, పసుపు, ఎరుపు, తెలుపు వైర్లు కలిపాడు. అందులో ఖాళీ డీవీడీ డిస్కు వేశాడు. పాతదాంట్లో బాలమ్మ కార్యక్రమం మొదలైంది. కొత్తదాంట్లో ఎర్రదీపం వెలిగింది.

"అరగంటనే గదా, అయిపోయినంక ఈ బటన్ ఒత్తు. నడుమల మాత్రం బంద్ చెయ్యకు. ఇది ఒక్కసారి పండుకున్నదంటె మళ్ల లేవదు. నాకు చంపాపేటల ఇంకో పని ఉన్నది."

అతను వెళ్లిన కాసేపటికి వాన అందుకుంది. మబ్బు ముసిరి మధ్యాహ్నమే గల్లీ చీకటి పడింది. రేకుల మీద చినుకుల మోత. తడి గోడల వాసన. సుజన తలుపు దగ్గరగా వేసి, చాప మీద కూర్చుంది. తల్లి ప్రతి మాటా ఆమెకు కంఠతా వచ్చు. తల్లి కంటే ముందే పెదాలు కదుపుతూ చూసింది. బొమ్మ ఒక్కచోట కూడా విరగలేదు. దేవునికి స్తోత్రం అనుకుంది.

"అందరికి వందనాలు" అంది బాలమ్మ. యాంకర్ నవ్వింది. పాట వచ్చింది. ఆ పాట తర్వాత గాజుల దుకాణం ప్రకటన ముక్క ఒకటి వచ్చి రికార్డింగ్ ఆగిపోవాలి. సుజన బటన్ మీద వేలు పెట్టి కూర్చుంది.

ప్రకటన రాలేదు.

పాట ఆగిపోయింది. యాంకర్ పిల్ల మైకు తీసేసి, చెప్పులు టపటపలాడించుకుంటూ పక్కకు వెళ్లిపోయింది. స్టూడియోలో ఒక దీపం ఆరింది. తర్వాత ఇంకొకటి. ఎక్కడో తలుపు మూసిన చప్పుడు. స్టవ్ మీది ఒక్క దీపం వెలుతురులో బాలమ్మ అలాగే నిలబడి ఉంది.

ఛానల్ వాళ్లు కెమెరా ఆపడం మరిచిపోయారేమో అనుకుంది సుజన. మరి ఇన్నేళ్లుగా ఇది ఎందుకు కనిపించలేదు?

స్టవ్ మీద గిన్నె పొగలు కక్కుతోంది. బాలమ్మ పైట చెంగుతో ముక్కు మూసుకుని దగ్గింది. ఆ దగ్గు సుజనకు తెలుసు. స్టూడియోకు వెళ్లిన రోజున తల్లికి ఆ దగ్గు లేదు. చివరి నెలల్లోది అది...

గదిలో మాడు వాసన వచ్చింది. పల్లీలు, కరివేపాకు, కాలిన పిండి. సుజన వంటింట్లోకి పరుగెత్తింది. పొయ్యి చల్లగా ఉంది.

తిరిగి వచ్చేసరికి బాలమ్మ ముఖం ఎత్తి చూస్తోంది. అలసిన ముఖం.

"అయిపోయిందా బిడ్డా? పోనా ఇగ?"

తల్లి తన మీద చూపు నిలిపిందో, కెమెరా వెనక ఇంకెవరినైనా అడుగుతోందో సుజనకు తెలియలేదు. జవాబు రాక బాలమ్మ తల దించుకుంది. గిన్నెను అటు ఇటు తిప్పింది. మళ్లీ దగ్గింది.

డ్యూటీ దిగిన జోయెల్ తలుపు తోసుకుని వచ్చాడు. ఒళ్లంతా తడిసి ఉంది. చేతిలో టార్చి.

"ఏం మాడుతున్నది సుజనా? గల్లీ బయటికే వాసన..." అని మాట మధ్యలో ఆపేశాడు. టీవీ వైపు చూశాడు. పైకి ఫ్యాన్ వైపు చూశాడు. ఫ్యాన్ ఆగిపోయి ఉంది.

"కరెంటు లేదు" అన్నాడు గుసగుసగా. "బస్తీ మొత్తం లేదు. ఇది ఎట్ల నడుస్తున్నది?"

ఉక్కకు తన జాకెట్టు తడిసిపోయిందని సుజనకు అప్పుడే తెలిసింది.

"బంద్ చెయ్."

"బంద్ చేస్తే మళ్ల లేవదన్నడు. అమ్మ గొంతు..."

"సుజనా, బంద్ చెయ్."

ఆమె కదలకపోతే అతనే వంగి ప్లగ్గు పీకాడు. టీవీది. పాత రికార్డర్‌ది. కొత్తదానిది. మూడు వైర్లూ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

బొమ్మ పోలేదు.

"కాళ్లు గుంజుతున్నయ్ బిడ్డా" అంది బాలమ్మ. "ఎవ్వలు పొమ్మంటలేరు. ఎంతసేపాయె నిలవడి... పోనా?"

జోయెల్ ప్రార్థన మొదలుపెట్టాడు. రెండు మాటల దగ్గరే నోరు తడబడింది. సుజన టీవీకి దగ్గరగా జరిగింది. తల్లి ముఖం జానెడు దూరంలో ఉంది. ముక్కు పక్కన పుట్టుమచ్చ. మంచం మీద ఎముకలు తేలిన ముఖం కాదు, పెళ్లిళ్లలో వండి అందరికీ కొసరి కొసరి వడ్డించిన ముఖం. మళ్లీ ఎన్నడూ దొరకదు.

"ఇంకొంచెం సేపుండు అమ్మా" అంది. అనుకోకుండానే నోటినుంచి వచ్చేసింది.

బాలమ్మ విన్నది. విన్నట్టు తల ఊపింది. ఎదురు చెప్పలేదు. బతికుండగా కూడా బిడ్డ అడిగితే కాదనలేదు ఆమె. మెల్లగా స్టవ్ వైపు తిరిగి, నిప్పులాంటి గిన్నె అంచు ఒట్టి చేత్తో పట్టుకుంది. చర్మం చుర్రుమన్న చప్పుడు గదిలో వినిపించింది. ఆమె అరవలేదు. దగ్గుతూ, నిలబడి, తిప్పుతూనే ఉంది.

"వద్దు!" సుజన అరిచింది. "వద్దమ్మా... అయిపోయింది. అంత అయిపోయింది. నువ్ పో."

బాలమ్మ చేతులు ఆగాయి.

"పోనా?"

"పో అమ్మా. నేనే చెప్తున్న. పో."

బాలమ్మ నిట్టూర్చింది. బరువు దించుకున్న మనిషి నిట్టూర్పు. కొంగుకున్న మైకు తీసి బల్ల మీద పెట్టింది. స్టవ్ ఆపింది. నడుము మీద చెయ్యి వేసుకుని, కుంటుతూ, బొమ్మ అంచు దాటి వెళ్లిపోయింది.

ఖాళీ స్టూడియో. చీకటి. కాసేపటికి టీవీ దానంతట అదే ఆరిపోయింది. జోయెల్ టార్చి వెలుతురులో ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని కూర్చున్నారు. సుజన వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ ఏడుపులో భయం కొంతే.

మర్నాడు సోమశేఖర్ వచ్చి పాతదానికి కరెంటు పెడితే ఉలుకూ పలుకూ లేదు. తన రికార్డర్‌లోంచి డిస్కు తీసుకుని, జోయెల్‌ని వెంటబెట్టుకుని షాపుకు వెళ్లాడు. అక్కడ ఇద్దరూ మొదటి నుంచి చివరిదాకా చూశారు. బియ్యప్పిండి, నువ్వులు, వందనాలు, పాట, గాజుల దుకాణం. అంతే. అరగంట. చక్కగా ఎక్కింది.

"ఫికర్ చెయ్యకు, అంత మంచిగనే ఉన్నది" అని జోయెల్ డిస్కు తెచ్చిచ్చాడు. సుజన దాన్ని బైబిల్ పక్కన పెట్టింది. చూడలేదు. తల్లి గొంతు ఇంట్లో ఉందన్న ధైర్యం చాలనుకుంది.

క్రిస్మస్‌కు ప్రకాశం షార్జా నుంచి వచ్చాడు. అమ్మను చూస్తానని పట్టుబట్టాడు. పట్టపగలు, ఇంటినిండా కేకు వాసన, పక్కింటి పిల్లల లొల్లి. సుజన కాదనలేకపోయింది. డిస్కు పెట్టారు. ప్రకాశం నవ్వాడు, కళ్లు తుడుచుకున్నాడు, చిల్లులు పెట్టే చోట "మా అమ్మనే!" అని చప్పట్లు కొట్టాడు. సుజనకు కూడా గుండె తేలికపడింది. బాలమ్మ వందనాలు చెప్పింది. యాంకర్ పిల్ల కెమెరా వైపు తిరిగి నవ్వింది.

"వచ్చే వారం మనకు వండి పెట్టేది... జహనుమా సుజన" అని వినిపించింది.

ప్రకాశం ఉలిక్కిపడి, అంతలోనే సంబరపడ్డాడు. "ఏందే, నువ్వు గూడ పోయినవా టీవీలకు? నాకు చెప్పనేలేదు!"

సుజన జోయెల్ వైపు చూసింది. అతని ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"షాపుల చూసినప్పుడు గిది లేదు" అన్నాడు.

ప్రకాశానికి ఏమీ అర్థం కాలేదు. నవ్వుతూనే రిమోట్ అందుకుని వెనక్కి తిప్పాడు. మళ్లీ అదే చోటు. అదే మాట, అదే పేరు. ఈసారి సుజన యాంకర్ పిల్ల నోటినే చూస్తూ కూర్చుంది.

ఆ పిల్ల పెదాలు కదలలేదు. మాట కెమెరా వెనక నుంచి వస్తోంది.