పదకొండో నంబరు బావి

చీకటి పడ్డాక గొర్రెల సందులోకి మా శాంటా ఫే ఊరివాళ్ళెవరూ వెళ్ళరు. ఎందుకని అడిగితే ఒకరు చలిగాలి అంటారు, ఇంకొకరు దీపాలు సరిగ్గా వెలగవంటారు. అసలు సంగతి మాత్రం ఎవరూ నోటితో అనరు.

అసలు సంగతి బావి.

సందు మధ్యలో మట్టి ఇటుకల ప్రహరీ. దానికి తలుపుల్లేని గుమ్మం. లోపల పాడుబడ్డ పెరడు, పెరట్లో బావి. యాభై ఏళ్ళ కిందట ఐదేళ్ళ పిల్లాడు అందులో పడ్డాడు. రెండు రోజులు వెతికితే గానీ దొరకలేదు. అప్పట్నుంచీ సాయంత్రాలు అటుగా పోతుంటే వెనకనుంచి ఎవరో పిలిచినట్టుంటుందట... తిరిగి చూస్తే ఎవరూ ఉండరట.

ఊరివాళ్ళు వెళ్ళరు గానీ, బయటివాళ్ళు వెళతారు. గైడుతో పని లేకుండా పాత ఊరంతా సొంతంగా నడిచి చూసుకోవడానికి ఒక కాగితం ఉంది. మ్యాపు, దాని మీద పధ్నాలుగు నంబర్లు. గోడలకి కూడా అవే నంబర్లతో ఇత్తడి బిళ్ళలు. బావిది పదకొండో నంబరు. "ఇక్కడ ఒక బాలుడు చనిపోయాడు. ఆగి, చెవి పెట్టి వినండి" అని అచ్చేసి ఉంటుంది.

ఆ ముక్క రాసిచ్చింది లిబ్రాదో మోంతోయా. చనిపోయిన సెల్సో అతని సొంత తమ్ముడు.

బావి పెరడు వెనక గోడకి ఆనుకునే లిబ్రాదో కొట్టు. ఎండుమిర్చి దండలు, కొవ్వొత్తులు, తగరపు శిలువలు అమ్ముతాడు. పదకొండు చూసినవాళ్ళు పన్నెండుకి పోవాలంటే ఆ కొట్టు ముందునుంచే పోవాలి. భయపడ్డ మనిషి లోపలికొచ్చి ఏదో ఒకటి కొంటాడని లిబ్రాదో ఎప్పుడో కనిపెట్టాడు.

కొట్టు వెనక గదిలో, గోడలోంచి పాత వాననీళ్ళ గొట్టం ఒకటి బావి ఒరలోకి దిగుతుంది. దానికి నోరు ఆనించి, ఊపిరి కలిపి ఒక్క మాట అంటే చాలు. అవతల కెవ్వుమని అరుపు, తర్వాత పరుగు. చిన్న కంతలోంచి వాళ్ళ మొహాలు చూసి లిబ్రాదో కడుపు పట్టుకొని నవ్వేవాడు.

"చచ్చిన తమ్ముణ్ణి అమ్ముకుంటున్నావు కదయ్యా," అనేది భార్య ఓర్లిందా.

"వాడేమన్నా అడ్డొచ్చాడా?" అనేవాడు.

మొన్న డిసెంబరు మొదట్లో ఒకావిడ వచ్చింది. పేరు వెర్నా. ఎక్కడో ఉత్తరాన, మంచు ఊళ్ళనుంచి. అరవై దాటి ఉంటాయి. చేతిలో మడతలు పడిన కాగితం, మిగతావాళ్ళతో పాటు బావి దగ్గర నిలబడింది. పొద్దు గుంకుతోంది. లిబ్రాదో గొట్టానికి నోరు పెట్టి, ఇంగ్లీషులో, పసివాడి గొంతుతో అన్నాడు—

"అమ్మా..."

అందరూ అరిచి బయటికి పరిగెత్తారు. ఆవిడ పరిగెత్తలేదు. మెల్లగా మోకాళ్ళ మీద కూర్చుని, బావి మీద వేసిన ఇనప ఊచల్ని రెండు చేతులా పట్టుకుంది.

"డేల్?" అంది. "నువ్వేనా నాన్నా?"

లిబ్రాదోకి నవ్వొచ్చింది. మళ్ళీ అన్నాడు— "అమ్మా..."

మర్నాడు ఆవిడ కొట్టులోకొచ్చి కొవ్వొత్తి కొంది. తన కొడుకు డేల్ ఆరేళ్ళప్పుడు చెరువు మీద గడ్డకట్టిన మంచు విరిగి, నీళ్ళలో పడి పోయాడని, ముప్ఫై రెండేళ్ళయిందని, వాడి గొంతు మర్చిపోయాననుకున్నానని తనే చెప్పింది. నిన్న విన్నాక గుర్తొచ్చిందట. అది చెప్పేటప్పుడు ఆవిడ మొహం చూసి ఓర్లిందా తల దించుకుంది.

ఆవిడ బయటికి పోగానే ఓర్లిందా మొగుడి మీద పడింది. "ఇవాళ్టితో ఆపెయ్. పాపం తగులుతుంది."

"నేనేం పోగొట్టాను ఆవిడది? ముప్ఫై ఏళ్ళకి కొడుకు పలికాడని సంతోషంగా ఉంది."

"పలికింది నువ్వు."

"ఆవిడకి తెలీదుగా."

ఆ సాయంత్రం ఆవిడ ఎర్రటి ఉన్ని చేతితొడుగులు తెచ్చి, ఊచల సందుల్లోంచి కిందికి జారవిడిచింది. పిల్లాడివి, ఇంతింతవి. లిబ్రాదో కంతలోంచి చూశాడు. ఊరుకోవచ్చు. ఊరుకోలేదు.

"చలేస్తోందమ్మా," అన్నాడు.

ఆవిడ తన కోటు విప్పి బావి మీద కప్పి, ఉత్త స్వెట్టరుతో ఆ చలిలో రెండు గంటలు కూర్చుంది. ఆ రాత్రి బసలో దగ్గుతూనే ఉందట. మర్నాడు వెళ్ళాల్సిన విమానం ఎక్కలేదు. మొగుడు ఫోన్ చేస్తే, "డేల్ దగ్గరున్నాను" అని పెట్టేసిందట. తరువాతి రోజు కొట్టులోకొచ్చి ఆ సందులో అద్దెకి గది దొరుకుతుందా అని అడిగింది.

"విన్నావా?" అంది ఓర్లిందా. "ఇల్లూ వాకిలీ వదిలేసి ఇక్కడే ఉండిపోతుందట."

"ఉండనీ. రోజుకో కొవ్వొత్తి కొంటుంది."

అది అన్న రాత్రే లిబ్రాదోకి జ్వరం వచ్చింది. మామూలు జ్వరం కాదు, ఒళ్ళంతా కాలిపోయే జ్వరం. ఏటి అవతల తమ ఇంట్లో మూడు రోజులు మంచం దిగలేదు. కొట్టుకి తాళం. ఓర్లిందా తల దగ్గరే కూర్చుంది. తాళంచెవి ఆవిడ జేబులోనే ఉంది.

నాలుగో రోజు మధ్యాహ్నం మనిషి లేచాడు. కొట్టు తెరిచారు. వెర్నా వెళ్ళిపోయి ఉంటుందిలే, మూడు రోజులు ఏ పలుకూ లేకపోతే ఏం చేస్తుంది అనుకున్నాడు. ఆ మాట తలుచుకుంటే కొంచెం వెలితిగా కూడా అనిపించింది.

పొద్దు గుంకాక తలుపు తోసుకుని వెర్నా వచ్చింది.

బుగ్గలు లోపలికి పోయాయి. పెదాలు పగిలాయి. కళ్ళు మాత్రం పండగనాటి దీపాల్లా ఉన్నాయి.

"మీ కొట్టు మూసేశారేంటి? మీతోనే పని పడింది," అంది. "ఈ మూడు రోజులూ వాడు ఎంత మాట్లాడాడో... ఇదివరకు ఒక్కో ముక్కే అనేవాడు. ఇప్పుడు ఆగకుండా మాట్లాడుతున్నాడు."

లిబ్రాదో చేతిలోని మిర్చి దండ జారి బల్ల మీద పడింది.

"ఎప్పుడు?" అన్నాడు.

"రోజూ. నిన్న కూడా. ఇవాళ ఇప్పుడే."

వెనక గది తలుపు వైపు చూశాడు. వేసిన గొళ్ళెం వేసినట్టే ఉంది. ఎవడో ఆకతాయి పెరట్లో దాక్కుని ఉంటాడు... అంతే అయ్యుంటుంది అనుకున్నాడు.

"ఒకటే ఇబ్బంది," అంది వెర్నా. "వాడు ఇంగ్లీషులో అనట్లేదు. మీ స్పానిష్ అనుకుంటా. చచ్చిపోయాక ఎక్కడున్నవాళ్ళు అక్కడి భాష నేర్చుకుంటారేమో, నాకేం తెలుసు? వినపడినట్టు రాసుకున్నాను. మీరు చదివి చెబుతారా?"

మ్యాపు కాగితం తిరగేసి బల్ల మీద పెట్టింది. ఖాళీగా ఉన్న వెనక వైపంతా పెన్సిలు రాత. స్పానిష్ రాని మనిషి చెవికి తోచినట్టు రాసిన ఇంగ్లీషు అక్షరాలు. లిబ్రాదో కళ్ళద్దాలు పెట్టుకుని, పెదాలు కదుపుతూ కూడబలుక్కున్నాడు.

మొదటి వరుస: బాదో, కుక్కపిల్లలేవీ?

పెదాలు ఆగిపోయాయి.

లిబ్రాదో అనడం నోరు తిరగక అతన్ని బాదో అని పిలిచినవాడు ఒక్కడే. ఓర్లిందాకి కూడా ఆ పేరు తెలీదు.

రెండో వరుస: బాదో, చీకటిగా ఉంది. నవ్వకు.

మూడోది: బాదో, నీళ్ళు చల్లగా ఉన్నాయి. అమ్మని పిలువు.

అప్పుడు లిబ్రాదోకి తొమ్మిదేళ్ళు. బావిలో కుక్కపిల్లలున్నాయి, వంగి చూడమన్నాడు. తమ్ముడు భయపడితే చూసి నవ్వుదామని వెనకనుంచి చిన్నగా తోశాడు. పడ్డాక కూడా ఒక్క క్షణం నవ్వాడు. తర్వాత ఇంటికి పరిగెత్తాడు. సెల్సో ఏడీ అని తల్లి అడిగితే, తెలీదమ్మా, నేను చూడలేదు అన్నాడు. ఊరంతా ఏటి వెంట వెతికింది. అప్పట్లో వాళ్ళ ఇల్లు ఆ సందులోనే. ఆ రాత్రంతా మంచం మీదికి ఆ పిలుపు వినపడుతూనే ఉంది... బాదో, బాదో అని. దుప్పటి చెవులకి కప్పుకున్నాడు. తెల్లారేసరికి ఆగిపోయింది.

ఈ సంగతి అతను ఒక్క మనిషికి చెప్పలేదు. చర్చిలో ఫాదర్ దగ్గర కూడా.

"ఏమంటున్నాడు?" అంది వెర్నా. చేతులు రెండూ గుండెకి అదుముకుని నిలబడింది.

ఓర్లిందా లోపలనుంచి కొవ్వొత్తుల పెట్టె మోసుకొచ్చి, మొగుడి మొహం చూసి ఆగిపోయింది. "ఏమైందయ్యా? మళ్ళీ జ్వరమా?"

"ఏం లేదు." కాగితాన్ని భార్యకి కనపడకుండా మడిచాడు. గొంతు సవరించుకున్నాడు. "మీవాడు... బాగానే ఉన్నాడటమ్మా. చలి లేదట. నువ్వు ఇంటికి వెళ్ళిపో అమ్మా, నా కోసం ఏడవకు అంటున్నాడు."

వెర్నా కళ్ళనుంచి నీళ్ళు జలజలా కారాయి. బల్లని పట్టుకుని నిలదొక్కుకుంది. "వెళ్ళిపొమ్మన్నాడా?"

"అవునమ్మా. రేపే."

"సరే. వాడు చెబితే వెళతాను." చాలాసేపు అలాగే ఏడ్చింది. ఓర్లిందా దగ్గరికొచ్చి వీపు నిమిరింది. ఒక్కసారికి మంచిపని చేశాడు అనుకుంది మనసులో. లిబ్రాదోకి కూడా ఊపిరి కాస్త తేలికైంది. కాగితాన్ని జేబులోకి తోసేశాడు.

వెర్నా మొహం తుడుచుకుని తలుపు దాకా వెళ్ళింది. మళ్ళీ వెనక్కి తిరిగింది.

"ఇందాక లోపలికి వచ్చే ముందు కూడా ఒకటన్నాడు. పెన్సిలు అరిగిపోయి రాసుకోలేదు. మర్చిపోకూడదని దారంతా అనుకుంటూ వచ్చాను. ఇదొక్కటీ చెప్పండి, ఇంక అడగను."

కళ్ళు మూసుకుంది. ఒక్కో ముక్కా విడగొట్టి, వంకర యాసతో, బిగ్గరగా పలికింది. ఆ కొట్టులో ఆ మాటలు అర్థం కానిది ఆవిడ ఒక్కదానికే.

"ఆవిడకి అబద్ధం చెప్పకు, బాదో. నన్ను తోసి, చూడలేదని అమ్మకి చెప్పావు కదా."

లిబ్రాదో చెయ్యి జేబులోని కాగితం మీదికి పోయింది.

"ఏంటి దానర్థం?" అంది వెర్నా.

ఓర్లిందా మొగుడి వంక చూసింది. ముప్ఫై ఏళ్ళు కాపురం చేసిన మనిషిని చూసినట్టు చూడలేదు. కొవ్వొత్తుల పెట్టె నేల మీద పెట్టి, చెయ్యి చాపింది.

"ఆ కాగితం ఇటివ్వు," అంది మెల్లగా. తర్వాత వెర్నా వైపు తిరిగి స్టూలు జరిపింది. "కూర్చోండమ్మా. నేను చెబుతాను."