ఎడమ భుజం మీద బరువు

2081 నాటికి ఫ్యామిలీ ఎస్‌యూవీ కొనేవాళ్ళు మైలేజీ ఎంతని అడగడం మానేశారు. బండ్లన్నీ తమంతట తామే నడిచేవి, ఎండతోనే ఛార్జయ్యేవి, పొరపాటున కూడా ఒకదాన్నొకటి గుద్దుకునేవి కావు. ఇక పోల్చుకోవడానికి మిగిలింది సుఖమొక్కటే. అందుకే విశాఖపట్నంలో వాహన సౌఖ్య పరీక్షా కేంద్రం వెలిసింది. నిద్ర సుఖమెరుగదన్న సామెత దాని గుమ్మం బయటే ఆగిపోవాలి. లోపల నిద్ర సుఖాన్ని కూడా దశాంశాల్లో కొలిచేవారు.

కూర్మారావు అక్కడ పద్నాలుగేళ్ళుగా పరీక్షకుడు. సీట్లో కూర్చున్నాడంటే చాలు, నడుం దగ్గర మెత్త ఎన్ని మిల్లీమీటర్లు తగ్గిందో చెప్పేస్తాడు. ఆ వారం అతని ముందుకు రెండు బండ్లు వచ్చాయి. ఒకటి హంసయాన, రెండోది పల్లకి-7. రెండిట్లోనూ అరికాళ్ళు ఒత్తే పీటలున్నాయి. ఇడ్లీని వేడిగా, పక్కనే చట్నీని చల్లగా ఉంచే అరలున్నాయి. సీటు సీటుకీ వేరే చలువ, వేరే సువాసన. సీట్ల మధ్య మౌనతెర, అదే అకౌస్టిక్ కర్టెన్, ఎలాగూ ఉంది. ఒకరి పాట ఒకరికి వినపడదు, ఒకరి తగువు ఒకరికి తగలదు. ఆ తెర లేని బండిని జనం కొనడం మానేసి పదేళ్ళయింది. రెండువందల పన్నెండు అంశాల్లో రెండు బండ్లూ సరిసమానం. పల్లకిలో ఉండి హంసయానలో లేనిది ఒక్క స్పర్శస్మృతి.

ఆ హాప్టిక్ మెమరీ సీటును కనిపెట్టిన డాక్టర్ నూకరత్నం స్వయంగా వచ్చింది. అరవై దాటిన మనిషి. ఎంత పెద్ద సైన్సునైనా కూర తరిగినంత తేలిగ్గా చెబుతుంది.

"ఒంటికి అలవాటైన స్పర్శ కొన్నాళ్ళకి దూరమైపోతాది బాబూ. మనసు మర్చిపోయినా అక్కడి నరాలు ఎదురుచూస్తూనే ఉంటాయి. మా సీటు ఆ ఎదురుచూపుని చదువుతాది. చదివి, ఆ బరువుని, ఆ వెచ్చదనాన్ని జెల్‌తో చేసి పెడతాది."

"నాకేటి చేసి పెడతాదండీ?"

"నాకేటి తెలుసు? కూర్చుంటే మీకే తెలుస్తాది."

పరీక్షకుడు తన ఇంటి మనిషిని వెంట తీసుకెళ్ళాలని కేంద్రం నియమం. ఒంటరి మనిషికి ఏ బండైనా విశాలంగానే ఉంటుంది మరి. కూర్మారావు పదిహేనేళ్ళ కూతురు మేదినిని తీసుకెళ్ళాడు. నిజం చెప్పాలంటే, అతనికి పరీక్షకంటే అదే ముఖ్యం. ఆ పిల్ల రోజూ అతని పక్క సీట్లోనే బడికి వెళ్తుంది, తెర అవతల. కన్నకూతురు పక్కనే ఉండగా దానిమీద బెంగపెట్టుకున్నానని ఎవరితో చెప్పుకుంటాడు? అరకు దాకా ఇంత దూరం వెళ్తున్నాం, దారిలో ఒక్కసారైనా తెర తీసి పలకరించకపోతుందా అని ఆశపడ్డాడు.

పొద్దున హంసయానలో అరకు చేరారు. మేదిని తెర తీయలేదు. బండికి తొంభై ఆరు మార్కులు వేశాడు. మధ్యాహ్నం, వెనకే ఖాళీగా వచ్చిన పల్లకిలో తిరుగు ప్రయాణమయ్యారు.

అనంతగిరి మలుపుల్లో కూర్మారావు ఎడమ భుజం మీద ఏదో ఆనింది. మెల్లగా బరువెక్కి ఒకచోట స్థిమితపడింది. గోరువెచ్చగా ఉంది. అతను వెంటనే గుర్తుపట్టాడు. అది నాలుగేళ్ళ మేదిని తల. అప్పట్లో వాళ్ళది తెర లేని పాత బండి. ఏసీ పనిచేసిన రోజు పండగే. ఎక్కిన పది నిమిషాలకల్లా ఆ పిల్ల అతని భుజం మీద ఒరిగి నిద్రపోయేది. చెయ్యి తిమ్మిరెక్కినా కదిలేవాడు కాదు. ఇప్పుడూ కదల్లేదు. సీటుకి నిద్రాభంగమవుతుందేమోనని ఊపిరి కూడా చిన్నగా తీశాడు. కళ్ళు వాటంతట అవే కారాయి. మధ్యలో ఎదుటి పలక మీద ఏదో ప్రశ్న వెలిగింది. చదవకుండానే కుడిచేత్తో 'వద్దు' నొక్కేశాడు.

కేంద్రానికి రాగానే నూటికి నూరు వేశాడు. పద్నాలుగేళ్ళలో ఏ బండికీ వేయని మార్కులు.

మేదిని బయట బండి దగ్గర నిలబడి ఉంది. నూకరత్నం ఇద్దరి సీట్లూ నమోదు చేసిన రెండు గ్రాఫులు తెచ్చి బల్ల మీద పరిచింది.

"మీ పాపా నూరే వేసింది. పిల్ల మైనరు కాబట్టి తండ్రికి చూపించొచ్చు. పాపకి సీటు బరువు ఇవ్వలేదు, కుడి చెంప కింద ఒక భుజం ఇచ్చింది. ఎముక కొంచెం పొడుచుకొచ్చిన భుజం. కొలతలు పోల్చి చూశాను బాబూ. అది మీదే."

కూర్మారావు ఆ గ్రాఫుని దగ్గరికి లాక్కున్నాడు.

"మా మధ్య జానెడు దూరమే కదండీ. దీనికి ఇంత యంత్రమెందుకు? తెర తీసేస్తే సరిపోయేది."

"నేనూ అలాగే అనుకున్నాను. కావలసింది పక్క సీట్లోనే ఉంటే, తెర తీయమంటారా అని అడిగేలాగే ప్రోగ్రాం రాశాను. అడిగింది కూడా. మీరిద్దరూ వద్దన్నారు." ఆమె గ్రాఫులు మడిచింది. "ఇప్పటికి నూట నలభై కుటుంబాలు ఎక్కాయి. ఒక్కరూ తీయమనలేదు. వెన్న చేత్తో పట్టుకుని నేతికి ఊరంతా తిరిగేవాళ్ళ గురించి విన్నాను గానీ, చేతిలో వెన్న ఉందని చెప్పినా వినని వాళ్ళని ఇప్పుడే చూస్తున్నాను."

ఇంటికి వెళ్ళేటప్పుడు సొంత బండిలో కూర్మారావు మీట నొక్కి తెర తీశాడు. ఎడమ భుజం కాస్త వంచి కూర్చున్నాడు. మేదిని ఉలిక్కిపడి చూసింది.

"ఏటి నాన్నా?"

ఇలా ఆనుకోమ్మా అందామనుకున్నాడు. నోటిదాకా వచ్చింది. ఇంత ఎదిగిన పిల్లతో ఆ మాట ఎలా అనాలో తెలియలేదు.

"ఏం లేదమ్మా. అలిసిపోయావేమోనని."

మేదిని చూపు అతని భుజం మీద కాసేపు ఆగింది. ఆ పిల్ల కూడా ఏదో అనబోయి, తల దించుకుని ఒళ్ళోని దుప్పటి అంచు సర్దుకుంది.

"నాన్నా, మనం ఆ పల్లకి కొనుక్కుందామా?"

"కొందాం తల్లీ."

మేదిని మొహం విప్పారింది. థాంక్స్ నాన్నా అని తెర వేసుకుంది. ఇల్లు చేరేదాకా కూర్మారావు ఆ భుజాన్ని అలాగే వంచి ఉంచాడు.