నిండు సిలిండర్

అద్దంలో జీపు లైట్లు.

దగ్గరికి వస్తున్నాయి.

ఋతుజ పెడల్‌ని చివరిదాకా తొక్కుతుంది. కారు ముందుకు దూకుతుంది. ఇంజిన్ మోత లేదు. పొగ లేదు. పెట్రోలు వాసన లేదు. సీటు వెనక నుంచి బుస్... బుస్... మని గాలి చప్పుడు ఒక్కటే.

హోట్గి రోడ్ మీద అప్పుడే దీపాలు వెలుగుతున్నాయి. ఇళ్లకు పోయే స్కూటర్లు, భేల్‌పూరి బండ్లు, ట్యూషన్ల నుంచి వచ్చే పిల్లలు. అందరూ తల తిప్పి చూస్తున్నారు. ఆటోరిక్షా అంత బండి. ఇద్దరే పట్టే బండి. చప్పుడు లేకుండా పక్కనుంచి దూసుకుపోతున్న బండి.

గాలితో నడిచే కారు!

దాన్ని చేసింది మంగేశ్. ఋతుజ భర్త.

మంగేశ్ ఇప్పుడు లేడు.

అతన్ని చంపిన సిలిండర్ లాంటిదే ఇప్పుడు ఆమె వీపు వెనక ఉంది. నిండుగా ఉంది. గాలి మీటరు ముల్లు చివరిదాకా వెళ్లి ఆగి ఉంది.

స్పీడ్ బ్రేకర్!

చూసుకోలేదు. కారు ఎగిరి పడుతుంది. వెనక ఏదో టక్కుమంటుంది. ఋతుజ కళ్లు మూసుకుంటుంది.

ఏమీ కాలేదు.

కళ్లు తెరుస్తుంది. పెడల్ తొక్కుతుంది.

మంగేశ్‌ది భవాని పేట్. నేత నేసే ఇల్లు. పవర్‌లూమ్‌లు రిపేరు చేస్తూ పెరిగినవాడు. పేట సందుల్లో టవళ్ల మూటలు మోయడానికి పెట్రోలు అక్కర్లేని బండి చేయాలని ఒకటే పిచ్చి. సిలిండర్‌లో గాలిని గట్టిగా కుక్కాలి. ఆ గాలి బయటికి తన్నుకొచ్చే బలంతో ఇంజిన్ తిరగాలి. కొన్నేళ్లు కష్టపడ్డాడు. తిప్పాడు.

అప్పుడొచ్చాడు తుషార్. కంపెనీ పెడదామన్నాడు. హోట్గి రోడ్ దగ్గర తన గోడౌన్ ఇచ్చాడు. సిలిండర్లు నేను తెస్తా, నువ్వు బండ్లు చెయ్ అన్నాడు.

తెచ్చాడు. నల్లగా నిగనిగలాడే సిలిండర్లు.

ఒకరోజు మంగేశ్ వాటి రంగు మేకుతో గీకి చూశాడు. లోపల పాత రంగు. పాత ముద్ర. ఎవరో వాడి వాడి పనికిరావని పారేసినవి. తుక్కులో కొని రంగేసి పట్టుకొచ్చాడు తుషార్. అడిగితే, టెస్టింగ్ చేయించే తెచ్చానన్నాడట. ఇంటికొచ్చి ఋతుజతో ఆ మాట చెప్పి, ఏమో, చేయించే ఉంటాడులే అని పడుకున్నాడు మంగేశ్.

పోయిన నెలలో రెండో కారుకు గాలి నింపుతుంటే సిలిండర్ పేలింది.

ముఖం వరకే చూపించారు ఆమెకు. దుప్పటి తీయనివ్వలేదు.

తొందరపడి ఎక్కువ నింపాడు, తప్పు అతనిదే అని తుషార్ అందరికీ చెప్పాడు. పోలీసులూ అదే రాసుకున్నారు. ఆఖరికి మంగేశ్ తండ్రి పెంటప్ప కూడా అదే నమ్మాడు.

ఋతుజ నమ్మలేదు. అర్జీల మీద అర్జీలు పెట్టింది. రేపు పొద్దున పుణె నుంచి అధికారి వస్తున్నాడు. మిగిలిన ఈ ఒక్క కారునీ, దీని సిలిండర్‌నీ చూడటానికి.

మంగేశ్ పనిముట్లు తీసుకుంటానని సాయంత్రం ఆమె గోడౌన్‌కు వెళ్లింది. గేటు ముందు లారీ. అధికారి రాకముందే కారును ఎక్కించి పంపేయడానికి పలకలు వేస్తున్నారు. లారీ మీదికి నడిపించడానికి సిలిండర్ నింపి పెట్టారు. తాళంచెవి కారుకే ఉంది. పలక జారితే మనుషులంతా అటు పరిగెత్తారు.

ఆమె ఎక్కి కూర్చుంది.

అంతే!

ఇప్పుడు జీపు పక్కకు వచ్చేసింది.

ముందు సీట్లో తుషార్. అద్దం దించి చెయ్యి ఊపుతున్నాడు. ఆపమంటున్నాడు. ఋతుజ అటు చూడదు. డ్రైవర్ జీపును ఆమె మీదికి తిప్పుతాడు. ఇంకొక్క జానెడు... కారు డివైడర్‌కు కొట్టుకుంటుంది...

తుషార్ చెయ్యి చాచి డ్రైవర్ చేతిలోని స్టీరింగ్ పట్టుకుంటాడు. జీపును అవతలికి లాగేస్తాడు!

ఋతుజ అతని ముఖం చూస్తుంది.

కోపం కాదు. భయం. చావు భయం.

గుద్దితే ఏమవుతుందో అతనికి తెలుసు. మొదటినుంచీ తెలుసు. తెలిసే మంగేశ్‌ని ఆ సిలిండర్ పక్కన నిలబెట్టాడు.

ఆమె పెడల్‌ని మళ్లీ చివరిదాకా తొక్కుతుంది.

పాత ఊరు వచ్చింది. సందులు ఇరుకవుతున్నాయి. చద్దర్ల మూటలు వేసుకున్న తోపుడుబండి అడ్డంగా వస్తోంది. బండికీ గోడకీ మధ్య సందులోంచి ఋతుజ కారును దూరుస్తుంది. వెనక జీపు కీచుమని ఆగుతుంది. హారన్లు. మరాఠీలో తిట్లు.

ముల్లు పడిపోతోంది.

సగం... సగం కన్నా కింద...

గాలి పోతున్నకొద్దీ గొట్టాల మీద మంచు తెల్లగా పేరుకుంటోంది. వీపు చల్లబడుతోంది. సిలిండర్ ఖాళీ అవుతున్నకొద్దీ ప్రాణభయం తగ్గుతోంది. బండి ఆగిపోతుందన్న భయం పెరుగుతోంది.

భవాని పేట్. రెండు వైపులా లూమ్‌ల ఖటఖట. గుమ్మాల్లో చేటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టే ఆడవాళ్లు తలెత్తి చూస్తున్నారు.

బుస్... బుస్...

స్...

కారు ఆగిపోయింది. ముల్లు అడుగున ఉంది.

ఇంకో నాలుగిళ్లు దాటితే ఇల్లు!

ఆమె దిగి తోస్తుంది. కదలదు. భుజం ఆనించి మళ్లీ తోస్తుంది. ఇంటికి ఆనుకున్న షెడ్డు తలుపు తెరుచుకుంటుంది. పెంటప్ప. బనియను నిండా నూలు దుమ్ము. వచ్చి పక్కన నిలబడి తోస్తాడు. ఇద్దరూ కలిసి కారును షెడ్డులోకి చేరుస్తారు. పెంటప్ప తలుపు వేస్తాడు.

కొడుకు చేసిన కారు. చనిపోయాక ఇదే మొదటిసారి చూడటం. దాని మీద చెయ్యి పెట్టి అలాగే నిలబడిపోతాడు.

"మామా, తెల్లారెదాక దీన్ని దాచాలె. తుషార్ మనుషులు ఎంబడి పడ్డరు."

పెంటప్ప తల ఊపుతాడు.

"గీ సిలిండర్ పాతది మామా. రంగేసి తెచ్చిండు. మంగేశ్ తప్పు ఏం లేదు."

ముసలాయన ముఖం తిప్పుకుంటాడు. కొడుకు చావు మాట వస్తే ఎప్పుడూ ఇంతే. ఆ మాట పూర్తయ్యే దాకా ఉండడు.

"వాడు గడబిడ చేసిండు బిడ్డా. సావకాశ్ నింపాలె అని ఎన్నిసార్లు చెప్పిన వానికి. ఇనలే."

ఋతుజ నోరు తెరుస్తుంది.

సందు మొదట్లో హారన్. జీపు!

ఇప్పుడు టైము లేదు. వాళ్లను ఇటునుంచి మళ్లించాలి. ఆమె కొంగు బిగించి వెనక తలుపులోంచి బయటపడుతుంది. పక్క సందులోంచి తిరిగి వచ్చి, కావాలని జీపు లైట్ల ముందు నిలబడుతుంది.

తుషార్ చూస్తాడు.

ఆమె పరిగెడుతుంది.

జీపు వెంటపడుతుంది. సందు దాటి, ఇంకో సందు దాటి, దుకాణాల ముందు నుంచి, జనంలోంచి. చెప్పు తెగుతుంది. వదిలేస్తుంది. ఊపిరి అందదు. అయినా ఆగదు. పెంటప్పకూ, కారుకూ దూరంగా... ఇంకా దూరంగా...

కొంతం చౌక్!

ట్రాఫిక్, బస్సులు, ఆటోలు. ఆమె జనంలో కలిసిపోతుంది. వడాపావ్ బండి వెనక నక్కి చూస్తుంది. జీపు చౌక్‌లో ఆగింది. తుషార్ కిందికి దిగి నాలుగువైపులా వెతుకుతున్నాడు.

వెతుకు. రాత్రంతా వెతుకు.

తుషార్ ఉన్నట్టుండి ఆగిపోతాడు. ఏదో తట్టినట్టు వెనక్కి, వచ్చిన దారి వైపు చూస్తాడు.

అతనికి తట్టిందేమిటో ఋతుజకు అర్థమవుతుంది.

ఆమె కాలినడకన ఉంది. అంటే కారులో గాలి అయిపోయింది. అంటే కారు ఆమె కనిపించిన చోటే ఉంది. అక్కడ ఆమెకు ఎవరున్నారు?

తుషార్ జీపు ఎక్కుతాడు. జీపు వెనక్కి తిరుగుతుంది.

భవాని పేట్ వైపు!

ఆమె ఫోన్ తీస్తుంది. పెంటప్పకు కలుపుతుంది. రెండో రింగుకే పెంటప్ప ఎత్తుతాడు.

"మామా, వాళ్లు మన ఇంటికే వస్తున్నరు. బండిని ఆడ ఉంచకు. ఎనక దర్వాజా నుంచి తీసుకపో. లవ్‌కర్, జల్ది!"

"అచ్ఛా బిడ్డా. నేను చూసుకుంట. నువ్వు ఫికర్ చెయ్యకు."

కట్ అయింది.

ఋతుజ గట్టిగా ఊపిరి వదులుతుంది. ఆటో కోసం చెయ్యి ఎత్తుతుంది.

ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోతుంది.

తీసుకుపొమ్మంది.

ఎలా తీసుకుపోతాడు? బండిలో గాలి లేదు!

షెడ్డులో మంగేశ్ కంప్రెసర్ ఉంది. మొదటి బండి చేసిన రోజుల్లో కొన్నది. దాని పక్కనే వరసగా పెద్ద ఇనుప సిలిండర్లు, గాలి నింపి ఉంచినవి. కొడుకు పోయినా పెంటప్ప వాటిని రోజూ తుడుస్తాడు. గాలి తగ్గితే నింపుతాడు. కంప్రెసర్ వేసి, గొట్టం తగిలించి వాల్వ్ తిప్పితే చాలు, నిమిషాల్లో కారు నిండుతుంది. మంగేశ్‌కు ఎన్నోసార్లు నింపిపెట్టాడు. ఎప్పుడూ ఏమీ కాలేదు. అప్పుడు నింపినవి మంచి సిలిండర్లు.

ఇది కాదు. స్పీడ్ బ్రేకర్ దగ్గర వెనక టక్కుమన్నదీ ఇదే.

ఆమె మళ్లీ ఫోన్ చేస్తుంది. మోగుతోంది. ఎత్తడం లేదు.

మళ్లీ.

మోగుతోంది...

కంప్రెసర్ తిరుగుతుంటే ఫోన్ ఎలా వినిపిస్తుంది?

అత్త చంద్రభాగకు ఫోన్ లేదు. ఈ వేళప్పుడు ఇంట్లో కూడా ఉండదు. పక్క గల్లీలో నలుగురితో కూర్చుని బీడీలు చుడుతుంటుంది.

ఆటో ఆగుతుంది. ఋతుజ దూకుతుంది. ఎక్కడికి పోవాలో చెబుతుంది, తొందరగా పొమ్మని బతిమాలుతుంది. ఆటోవాడు తీస్తాడు. ముందు బస్సు. బస్సు ముందు ఇంకో బస్సు. ఆటో కదలదు. ఆమె దిగిపోతుంది.

పరిగెడుతుంది. ఒక కాలికి చెప్పు ఉంది. ఒక కాలికి లేదు. చెవి దగ్గర ఫోన్ మోగుతూనే ఉంది. ఎత్తు మామా. ఎత్తు.

ఇందాక ఒక్క నిమిషం ఆగి ఉంటే... గట్టిగా చెప్పి ఉంటే...

సందు వచ్చింది.

సందు మొదట్లో జీపు నిలబడి ఉంది. తుషార్ దిగుతున్నాడు. ఒక కాలు నేల మీద ఉంది.

రెండో కాలు దించడు.

వింటున్నాడు.

లూమ్‌ల ఖటఖట అడుగున ఇంకో చప్పుడు. బరువుగా. ధబ్... ధబ్... ధబ్... కంప్రెసర్!

తుషార్ తల తిప్పి ఋతుజను చూస్తాడు. ఈ సందులో ఆ చప్పుడుకు అర్థం తెలిసినవాళ్లు ఇద్దరే. అతను, ఆమె.

అతను షెడ్డుకు దగ్గరగా ఉన్నాడు. పక్కనే జీపు హారన్ ఉంది. గొంతు ఉంది.

"ఆపుమను!" ఆమె అరుస్తుంది. "తుషార్ భావూ, ఆపుమను ఆయన్ని!"

తుషార్ నేల మీది కాలు లోపలికి తీసుకుంటాడు. తలుపు వేసుకుంటాడు.

జీపు రివర్స్‌లో వెనక్కి పోతుంది.

ఋతుజ దాన్ని దాటి పరిగెడుతుంది. మామా అని అరుస్తుంది. లూమ్‌లు ఆ పిలుపును మింగేస్తాయి. గుమ్మంలో కూర్చున్న ఒకామె లేచి నిలబడుతుంది. ఋతుజ చేతులు ఊపుతూ ఆమెను లోపలికి పొమ్మంటుంది.

షెడ్డు తలుపు సగం తెరిచి ఉంది.

లోపల పెంటప్ప. కారు పక్కన ముంగాళ్ల మీద కూర్చున్నాడు. ఒక చెయ్యి గొట్టం వాల్వ్ మీద. కళ్లు ముల్లు మీద. కొంచెం కొంచెంగా తిప్పుతున్నాడు. తొందర లేదు. గడబిడ లేదు. కొడుకుకు ఎలా చెప్పేవాడో అలాగే.

ఋతుజ గుమ్మానికి ఇంకా పది అడుగుల దూరంలో ఉంది.

అతను తల ఎత్తి చూస్తాడు. ఆమె పరుగు చూసి, బండి కోసం తొందరపడుతోందనుకుంటాడు. రెండో చెయ్యి ఎత్తి, కాస్త ఆగమంటాడు.

"ఐపోయింది బిడ్డా..."

ధడేల్!

రేకులు ఎగిరాయి. తలుపు ఎగిరింది. ఏదో వచ్చి ఆమెను వెనక్కి విసిరికొట్టింది.

సందు మొత్తం కరెంటు పోయింది. లూమ్‌లన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. ఆ సంగతి ఋతుజకు తెలియదు. ఆమెకు ఏమీ వినిపించడం లేదు.

రాళ్ల మీద పడి ఉంది. పైనుంచి నూలు పోగులు రాలుతున్నాయి. ముఖం మీద, చేతుల మీద. తల పక్కకు తిప్పితే, షెడ్డు ఉండాల్సిన చోట దుమ్ము మాత్రం కనిపిస్తోంది. కారు లేదు. రేపు పొద్దున అధికారికి చూపించడానికి ఏమీ లేదు.

ఎవరి సెల్‌ఫోన్ వెలుగో ఆమె మీద పడుతుంది.

ఆ వెలుగులోకి చంద్రభాగ వస్తుంది. పక్క గల్లీ నుంచి పరిగెత్తుకొచ్చింది. చీర నిండా తంబాకు పొడి. ఋతుజ మీదికి వంగి, భుజాలు పట్టుకుని కుదుపుతోంది. ఏదో అడుగుతోంది. మళ్లీ అడుగుతోంది.

ఋతుజకు పెదవులు కదలడం ఒక్కటే కనిపిస్తోంది.

అయినా ఆమె ఏమడుగుతోందో తెలుసు.

మీ మామ ఏడి బిడ్డా?